ముందు చెప్పినవాడిదే మన్నింపు

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ కుర్చీల్లో కూర్చుని పరుగెత్తేవి. నవ్వకండి, మన దగ్గర జరగనిదేం కాదు.

ఆ అడవికి ఎండాకాలంలో మిగిలేది ఒక్కటే మడుగు. ముందు ఎవరు తాగాలన్న దాని మీద పూర్వం కొమ్ములు విరిగేవి, చెవులు తెగేవి. పరుగుపందెం పెట్టి తేల్చుకుందామంటే అది జింకలకు అనుకూలమని ఎలుగుబంట్లు అలిగాయి. కుస్తీ పెడదామంటే అది ఎలుగుబంట్లకు అనుకూలమని జింకలు అలిగాయి. ఇంతలో అడవి అంచున ఒక ఇంజనీరింగు కాలేజీ మూతబడింది. దాని హాస్టల్లో కుర్రాళ్ళు చదువు మానేసి ఆడుకున్న కంప్యూటర్లు, స్టీరింగులు, హెడ్‌ఫోన్లు కోతులు మోసుకొచ్చాయి.

ఇంకేం, ఎవరి గుహలో వాళ్ళు, ఎవరి పొదలో వాళ్ళు కూర్చుని తెర మీద కార్లు తోలడం మొదలెట్టారు. చలికాలమంతా చిన్న రేసులు. వాటిలో గెలిచినవాళ్ళకు ఆఖరి రేసులో ముందు వరస. ఆ ఆఖరి రేసు ఎవరు ఎన్నోవాళ్ళుగా ముగిస్తే, ఎండాకాలమంతా మడుగు దగ్గర అదే వరస. తాబేలు కారూ చిరుతపులి కారూ ఒకటే వేగం కాబట్టి దీనికి సమానత్వం అని పేరు పెట్టుకున్నారు. కరెంటు ఎక్కడిదని మాత్రం అడక్కండి. కథల్లో కరెంటు పోదు.

తెర మీద ముందున్నది కనిపిస్తుంది గాని పక్కనున్నది కనిపించదు. అందుకని తోలేవాళ్ళందరికీ ఒకరి మాట ఒకరికి వినబడేలా ఏర్పాటు చేసుకున్నారు. "ఎడమన ఉన్నాను", "బ్రేకు వేస్తున్నాను", "మలుపులో కారు బోల్తా పడింది, చూసుకోండి". మాటలంటే అంతవరకే. ఆ నాలుగు ముక్కలతో ఏళ్ళతరబడి ఎవరి కారుకూ పెద్ద దెబ్బ తగల్లేదు.

తర్వాత తిట్లు మొదలయ్యాయి. వేగం పెంచడం చేతకానివాళ్ళకు గొంతు పెంచడం సులువు కదా. ఓడినవాడు గెలిచినవాడి తల్లిని, గెలిచినవాడు ఓడినవాడి తాతను తలుచుకునేవారు. రేసుల సంఘం అధ్యక్షుడు ఎలుగుబంటి జాంబయ్య గారైతే బ్రేకు వేసిన ప్రతిసారీ ఒక బూతు వేసేవారు. పెద్దమనిషి గనక దాన్ని అందరూ ఊతపదం అనేవారు.

ఆ గోలలో నోరు విప్పనిది అడవిపంది వరహాలు ఒక్కడే. వాడు మర్యాదస్థుడని కాదు. గుద్దడమే వాడికి వచ్చిన భాష. గుద్దేవాడు, విచారణకు పిలిస్తే బెల్లంకొట్టిన రాయిలా కూర్చునేవాడు. జవాబు చెప్పనందుకు సంఘం వాణ్ణి ఆఖరి వరసకు తోసేది.

ఇక మన సుగంధరావు సంగతి. పునుగుపిల్లి జాతి. వంటి నుంచి సువాసన, నోటి నుంచి తేనె. రేసుల సంఘానికి కార్యదర్శి. సభల్లో మైకు పుచ్చుకుంటే వదిలేవాడు కాడు. కాని స్టీరింగు పుచ్చుకుంటే మాత్రం మలుపు ఎటుంటే అటు తప్ప అన్నివైపులకూ తిప్పేవాడు. కిందటేడు అడవిదున్నల మంద తాగి వెళ్ళాక అతని వంతు వచ్చింది. అప్పటికి మడుగులో నీళ్ళు లేవు, నీళ్ళుండేవన్న గుర్తు ఉంది. పెళ్ళాం కస్తూరి, పిల్లలు తడిగులకరాళ్ళు నాకి రోజులు వెళ్ళదీశారు. ఆఖరి పిల్ల బతుకుతుందా లేదా అన్నంతదాకా వచ్చింది.

ఈసారి మొదటి ఐదుగురిలో ఉండకపోతే పుట్టింటికి పోతానని కస్తూరి నెమ్మదిగానే చెప్పింది. నెమ్మదిగా చెప్పింది గనకే సుగంధరావుకు భయమేసింది. ఆ భయంలో తోలడం నేర్చుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కార్యదర్శి కదా, నేర్చుకోవడం ఎందుకు, నియమం మారిస్తే పోలా అనుకున్నాడు.

సంఘం సమావేశంలో లేచి, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మొదలెట్టాడు. మన అడవిలో దెబ్బల కన్నా తిట్లే ఎక్కువ బాధిస్తున్నాయన్నాడు. గుద్దడం చేతి పొరపాటు, క్షమించమనడం మనసు గొప్పతనం అన్నాడు. కాబట్టి ఇకమీదట ఏ గుద్దులోనైనా సరే, ఎవరు ముందుగా "మన్నించండి" అంటే వాళ్ళ మీద విచారణ ఉండకూడదని తీర్మానం పెట్టాడు. మన్నించండి అన్నవాడి మీద ఇంకా ఫిర్యాదు చేసేవాళ్ళు మర్యాద తెలియనివాళ్ళ కింద జమ.

జాంబయ్య గారికి ప్రాణం లేచొచ్చింది. విచారణలంటే ఆయనకు నిద్ర. ఇకనుంచి ఇంట్లోనే పడుకోవచ్చు. అందరూ చప్పట్లు కొట్టారు. మర్యాదకు వ్యతిరేకంగా చెయ్యెత్తే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి?

ఒక్క హరిణాక్షి లేచింది. జింకల గుంపుకు పెద్ద. నాలుగేళ్ళుగా రేసుల్లో మొదటో రెండోగా వచ్చే మనిషి. గుద్దినవాడి నోరు కాదు, స్టీరింగు చూడాలి కదండీ అని అడిగింది. గెలిచేవాళ్ళకు అహంకారం సహజమేలెండి అని సుగంధరావు చిరునవ్వు నవ్వాడు. సభంతా ఆమె వంక జాలిగా చూసింది. తీర్మానం నెగ్గింది.

ఆ తర్వాతి రేసులోనే సుగంధరావు హరిణాక్షి కారును మలుపులో పక్కనుంచి పొడిచాడు. కారు ఇంకా గాల్లో ఉండగానే "మన్నించండి హరిణాక్షి గారూ" అన్నాడు. ఎంత బాగా అన్నాడంటే, వింటున్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురికి కళ్ళు చెమర్చాయి. కింద పడ్డది హరిణాక్షి, సానుభూతి సుగంధరావుకు.

ఆమె సంఘానికి వెళ్ళింది. జాంబయ్య గారు ఆవలిస్తూ విన్నారు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారండీ పెద్దలు" అందామె.

"కాలు కడుక్కున్నాడు కదమ్మా, ఇంకేం కావాలి నీకు?" అన్నారాయన.

ఇంకేముంది, సుగంధరావు దశ తిరిగింది. వారానికొకణ్ణి పొడవడం, మన్నించమనడం, ఒక మెట్టెక్కడం. సిగ్గూ ఎగ్గూ వదిలేసినవాడికి మెట్లెక్కడం ఎంతసేపు! ఆఖరి రేసుకు హరిణాక్షి పక్కనే మొదటి వరసలో చోటు దొరికింది. ఇంటికొచ్చి చెబితే కస్తూరి నమ్మలేదు. నమ్మాక, పిల్లల్ని దగ్గరికి తీసుకుని, ఈ ఏడు మీకు కడుపునిండా నీళ్ళే అని ముద్దుపెట్టుకుంది. సుగంధరావు కూడా ఏడ్చాడు. ఆ ఏడుపు మాత్రం నిజం. ఎంత వెధవకైనా పిల్లలంటే ప్రాణమే కదా.

కాని లోపల బెదురు. హరిణాక్షి ముందుకు దూకిందంటే ఆమెను పొడవడానికైనా అందుకోవాలి కదా. అందుకోవడమే తనకు రాదు. ఆమెను వెనక్కి లాగడానికి గట్టిగా గుద్దేవాడు ఒకడు కావాలి. గుద్దడమంటే అడవిలో ఎవరు? వరహాలు.

ఆ సాయంత్రమే సుగంధరావు బురదగుంట దగ్గరికి వెళ్ళి, ముక్కు మూసుకోకుండా జాగ్రత్తపడుతూ వరహాలు పక్కన కూర్చున్నాడు. ఒప్పందం ఇదీ అని చెప్పాడు. హరిణాక్షిని నువ్వు చూసుకో. మొదటివాణ్ణి నేను, రెండోవాడివి నువ్వు. విచారణ రాకుండా ఒక మాట నేర్పుతాను, దాన్ని గుద్దే ముందు అనెయ్. వరహాలుకు మడుగు దగ్గర ముందు వరస ఎలా ఉంటుందో ఊహకు కూడా తెలియదు. తలూపాడు.

మాట నేర్పడం మాత్రం తేలిగ్గా కాలేదు. వరహాలు నోట్లోంచి మొదట గురక వచ్చింది, తర్వాత దగ్గు వచ్చింది. సుగంధరావు ఓపిగ్గా దిద్దాడు. గొంతు తగ్గించమన్నాడు, చివర కొంచెం సాగదియ్యమన్నాడు, ఎదుటివాడి పేరుకు గారూ తగిలించమన్నాడు. చీకటి పడేవేళకు "మన్నించండీ" అని వరహాలు ఎంత మెత్తగా అన్నాడంటే, నేర్పినవాడికే ఒళ్ళు పులకరించింది. అంత మంచి శిష్యుడు దొరికినందుకు సంతోషపడుతూ ఇంటికి పోయాడు.

ఆఖరి రేసు రోజు వచ్చింది. అప్పటికి అడవిలో మన్నింపు నేర్వని జంతువు లేదు. జెండా ఊపీ ఊపగానే హెడ్‌ఫోన్లలో మన్నింపుల వాన కురిసింది. గుద్దబోయేవాడు అంటున్నాడు, గుద్దుతారేమోనని భయపడ్డవాడు అంటున్నాడు, ఎందుకైనా మంచిదని ఊరికే తోలుకుంటున్నవాడూ అంటున్నాడు. జాంబయ్య గారు బూతుకు బదులు అదే అంటున్నారు. ఎవరైనా "ఎడమన ఉన్నాను" అన్నా వినిపించుకునే చోటు ఆ గొంతుల్లో లేదు. సగం కార్లు మొదటి చుట్టులోనే కుప్పపడ్డాయి. కుప్పలోంచి కూడా ఎంతో మర్యాదగా మాట్లాడుకున్నారు.

హరిణాక్షి మాత్రం ముందు సాగిపోయింది. ఆఖరి వరసలోంచి కుప్పను తోసుకుంటూ వచ్చిన వరహాలు ఆమెను రెండో చుట్టులో పట్టుకున్నాడు. "మన్నించండీ హరిణాక్షి గారూ" అన్నాడు, గుద్దాడు. ఆమె కారు పల్టీలు కొట్టి గడ్డిలో పడింది. సుగంధరావు ఈలవేసుకుంటూ ఇద్దరినీ దాటాడు. ఇక ముందు దారంతా ఖాళీ. అతను జన్మలో ఎప్పుడూ ఖాళీ దారి చూడలేదు.

ఆఖరి మలుపు వచ్చింది. అవతల గీత కనబడుతోంది. కస్తూరి అతని కుర్చీ వెనక నిలబడి పిల్లలకు తెర మీద వేలుతో చూపిస్తోంది. అప్పుడు హెడ్‌ఫోన్లలో మెత్తగా, చివర కొంచెం సాగదీస్తూ ఒక గొంతు వినబడింది.

"మన్నించండీ సుగంధరావు గారూ."

అది తన గొంతేనేమో అని ఒక్క క్షణం అనిపించింది అతనికి. తర్వాత అర్థమైంది. ఒప్పందం గుర్తుచేయబోయాడు. అంతలో వెనకనుంచి కొండ విరిగి మీద పడ్డట్టయింది. కారు గిర్రున తిరిగి, గోడకు కొట్టుకుని, చక్రాలు పైకి పెట్టి ఆగిపోయింది. కుప్పలోంచి లేచి కుంటుకుంటూ వచ్చిన కార్లన్నీ ఒక్కొక్కటే పక్కనుంచి వెళ్ళి గీత దాటాయి. హరిణాక్షి కూడా దాటింది, బాగా వెనకగా. సుగంధరావు ఆఖరివాడు.

పరిగెత్తుకుంటూ జాంబయ్య గారి గుహకు వెళ్ళాడు. అన్యాయం జరిగిందని మొరపెట్టుకున్నాడు. జాంబయ్య గారు ఒక్కటే అడిగారు, ముందు మన్నించమని ఎవరన్నారని.

"వాడేనండీ. కాని వాడు గుద్దక ముందే అన్నాడండీ. తప్పు చేయకముందే చెప్పేది క్షమాపణెలా అవుతుంది?"

"ముందు అనాలనే కదయ్యా నువ్వు రాసింది. ఎంత ముందు అన్నది నువ్వు రాయలేదు. పైగా మర్యాదస్థుడి మీద ఫిర్యాదు చేస్తున్నావు, చూసుకో" అని ఆయన పక్కకు తిరిగి పడుకున్నారు.

కార్యదర్శి గనక ఫలితాలు చదవాల్సిందీ అతనే. వరహాలు మొదటివాడని తన నోటితో తనే చదివాడు. కింద పెద్ద చప్పట్లు. నోరులేనివాడు ఎంత ఎదిగిపోయాడో చూశారా అని ముసలి కోతులు ముచ్చటపడ్డాయి.

ఎండలు ముదిరాయి. మడుగు తెరిచిన రోజు అందరూ వరసలో నిలబడ్డారు. వరహాలు బలగమంతా వెంటబెట్టుకుని ముందు దిగాడు. పంది నీళ్ళు తాగి ఊరుకుంటుందా? దిగడం దిగడమే పొర్లాడు. పెళ్ళాం పొర్లింది, పిల్లలు పొర్లారు, మేనమామలు పొర్లారు. మిట్టమధ్యాహ్నానికి మడుగులో తాగడానికి చుక్క లేదు. ఉన్నదంతా బురదే. గట్టున నిలబడ్డవాళ్ళు నోరెండి చూస్తున్నారు. వరహాలు బురదలోంచి తలెత్తి అందరికీ చేతులు జోడించి, ఎంతో మెత్తగా, చివర సాగదీస్తూ, "మన్నించండీ" అన్నాడు.

ఇంకెవరు మాట్లాడతారు? నియమం నియమమే.

హరిణాక్షి హెడ్‌ఫోన్లు మడుగు గట్టున పడేసింది. తనకు కాళ్ళున్న సంగతి ఆమెకు అప్పటికి గుర్తొచ్చింది. గుంపును వెంటబెట్టుకుని అడవి దాటి కొండ అవతలి ఏటికి పరుగెత్తింది. జింకలు గనక వెళ్ళగలిగాయి. పునుగుపిల్లులకు అంత దూరం కాళ్ళు లేవు.

వరస చివర సుగంధరావు పిల్లలతో నిలబడ్డాడు. ఆఖరి పిల్ల వాళ్ళమ్మ ఒళ్ళో నాలుక బయటపెట్టి పడుకుంది. అతను కస్తూరి వైపు తిరిగి, అలవాటు కొద్దీ గొంతు సవరించుకుని మన్నించమన్నాడు.

"మన్నించానండీ. ఇప్పుడు పిల్లకు ఏం పట్టమంటారు?" అంది కస్తూరి.

నీతి: మర్యాద తెలియనివాడికి మర్యాద నేర్పకండి, నేర్చుకుంటాడు.