పన్నెండున్నర అడుగుల ఎండ

శ్రావణ మేఘమాలికలు భాగ్యనగర గగనసీమను ఆరు దినములుగా ఆక్రమించి, సూర్యభగవానుణ్ణి అజ్ఞాతవాసానికి పంపి, ధారాళంగా కురవక, కాస్సేపైనా ఆగక, సన్నని ముసురుతో జనులను వేధిస్తున్న కాలమది. ఒక వంక చిక్కడపల్లి వాహనశంఖారావములు, మరొక వంక దోమలగూడ దోమల దుందుభినాదములు మ్రోగుచుండగా, కోచింగ్ సెంటర్ల బ్యానర్లే విజయధ్వజములుగా, జిరాక్సు యంత్రాల ఘర్ఘరధ్వానమే నిత్యపారాయణముగా, భావి డిప్యూటీ కలెక్టర్లు ప్లేటు ఇడ్లీ కోసం నిలువుకాళ్ల తపస్సు చేసే ఆ అశోక్‌నగరమున, ఒకానొక ఇరుకు సందులో, ఒక మూడంతస్తుల మేడపైన, ముప్పై అడుగుల నైలాను తాటికై జరిగిన సంగ్రామమిది. పొడిబట్టలు కట్టుకున్న పుణ్యాత్ములందరూ కుదురుగా కూర్చుని వినవలెను.

ఈ సంగ్రామానికి నాయిక బాలత్రిపురసుందరి. ఇరవై నాలుగేళ్లది. అమలాపురం దాపున, ఇంటి వెనక కొబ్బరితోటలో ఈ చెట్టుకూ ఆ చెట్టుకూ మనసైనంత పొడుగు తాడు కట్టి, సముద్రపు గాలికి బట్టలారేసిన వంశంలో పుట్టినది. మాఘమాసంలో పెళ్లయింది. జ్యేష్ఠంలో రెండు సూట్‌కేసులు, ఒక గ్రైండరు, ఒక భర్తతో పొరుగు రాష్ట్రమైన తెలంగాణకు తరలివచ్చింది.

ఆ భర్త పేరు విద్యాసాగర్. నారాయణగూడలోని ఒక ఇంటర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించే ధీమంతుడు. అధ్యాపకులు తెల్లచొక్కా తప్ప తొడగరాదని ఆ కళాశాల శాసనం. అతనికున్న తెల్లచొక్కాలు నాలుగు.

ఆ మేడకు అధీశ్వరి సులోచనమ్మ. మొదటి అంతస్తు ఆమె రాజధాని. ఆమె భర్త జగన్మోహన్ ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై మూడేళ్లపాటు ఫైళ్లు కదలకుండా కాపాడి, సన్మానం పొంది విశ్రమించినవాడు. రెండో అంతస్తులో మన నవదంపతులు. ఆపైన డాబా. డాబా మీద రెండు దండేలు. తూర్పున, నిండు ఎండలో, ముప్పై అడుగుల పెద్ద దండెం. నీళ్ల ట్యాంకు వెనక, పక్క అపార్ట్‌మెంటు నీడలో, సృష్ట్యాది నుంచి సూర్యకిరణ స్పర్శ ఎరుగని ఎనిమిదడుగుల చిన్న దండెం.

దిగిన రోజే సులోచనమ్మ శాసనం చేసింది. "ఇగో చూడు బిడ్డా, పెద్ద దండెం మాది. ట్యాంకు ఎనక చిన్నది మీది. మీ ఆంధ్ర దిక్కోళ్లు బట్టలు జర ఎక్కువనే ఉతుకుతరంట, చూసుకోని ఉతుక్కో."

"సరేనండి," అన్నది త్రిపుర. అది రోహిణి కార్తె. ఆ ఎండలకు ట్యాంకు వెనకేమిటి, మంచం కింద పరిచినా బట్టలు అప్పడాల్లా ఆరేవి. శాసనంలోని క్రౌర్యం అప్పుడు బోధపడలేదు.

ముసురు పట్టాక బోధపడింది. మూడో రోజుకు ఇల్లు ఇల్లులా లేదు. తలుపు మీద ప్యాంటు, ఫ్రిజ్ మీద తువ్వాలు, కుర్చీల భుజాలపై చొక్కాలు, తిరిగే పంకాకింద వరుసగా బనియన్లు. యుద్ధానంతర రణరంగంలా ఎటు చూసినా తడిసిన కళేబరాలే. పైగా ముక్కవాసన. ఆ వాసన పరుపులోకి, బియ్యపు డబ్బాలోకి, చివరికి త్రిపుర ఆలోచనల్లోకి కూడా ప్రవేశించింది. ఊళ్లో అమ్మ ఫోన్ చేసి కొత్త కాపురం ఎలా ఉందే అని అడిగితే, "చెమ్మగా ఉందమ్మా," అన్నది.

ఆరో రోజు సాయంకాలం విద్యాసాగర్ ఇల్లు చేరి, తడి మేజోళ్లు విప్పి, దీనవదనంతో పలికాడు. "త్రిపురా, ఇవాళ బాష్పీభవనం పాఠం. నీరు ఆవిరి కావడానికి ఏమేం కావాలో చెబుతుంటే ముందు బెంచీ వాళ్లు ముక్కులు మూసుకున్నారు."

"ఆ పెద్ద దండెం ఖాళీగా ఉన్నప్పుడైనా వాడుకుంటామని అంకుల్‌గారిని అడగండి."

ఆ మాటతో అతని పౌరుషం భగ్గుమన్నది. లుంగీ బిగించాడు. "అడగక ఊరుకుంటాననుకున్నావా? సూర్యుడు ఒకరి సొత్తా? కాంతి సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చేది సులోచనమ్మగారి చీరల కోసమేనా? ఇవాళ తేలిపోవాలి!" అని గర్జించి, మెట్లు దద్దరిల్లేలా దిగివెళ్లాడు.

పావుగంట తర్వాత చప్పుడు లేకుండా తిరిగివచ్చాడు.

"ఏమన్నారండీ?"

"టీ ఇచ్చారు."

"దండెం సంగతి?"

"వాళ్ల తులసిమొక్క చాలా బాగుందని చెప్పాను. ఆయన సంతోషించాడు. సందర్భం కుదరలేదు త్రిపురా. ఆడవాళ్ల విషయం, నువ్వే అడిగితే బాగుంటుంది."

ఏడో నాటి ఉదయం, విద్యాసాగర్ తడి కాలరు మెడకు చల్లగా తగులుతుండగా బస్సు కోసం వెళ్లిపోయిన కాసేపటికే, మబ్బు చీల్చుకుని మార్తాండుడు బయటపడ్డాడు. త్రిపుర క్షణం ఆలస్యం చేయలేదు. నైటీపై చున్నీని ఉత్తరీయంగా బిగించి, అమ్ములపొదిలాంటి క్లిప్పుల సంచిని భుజాన తగిలించి, కుడిచేత బకెట్టుతో ఇరవై మెట్లూ లంఘించి డాబాపై నిలిచింది. పెద్ద దండెం నిర్మానుష్యంగా, ఎండలో తళతళలాడుతూ ఉంది. చిన్న దండెం కేసి చూసింది. అక్కడ నాచు పట్టిన గోడ, ఒక పావురం.

ఆమె పెద్ద దండెం వైపే అడుగేసింది. మూడు తెల్లచొక్కాలు, ఆరు బనియన్లు, దుప్పటి, పెళ్లినాటి గద్వాల చీర. ఒక్కో క్లిప్పు చిటుక్కుమన్నప్పుడల్లా ఒక్కో కోట స్వాధీనమైనట్టు ఆమె గుండె ఉప్పొంగింది. ఆ సామ్రాజ్యం పదకొండు నిమిషాలు వర్ధిల్లింది.

మెట్ల మీద పాదధ్వని. ముందు సులోచనమ్మ, వెనక, పెద్ద టబ్బు నిండా తడిబట్టలు మోస్తూ ఆ ఇంట్లో పనిచేసే కురుమమ్మ, పాలమూరు జిల్లా నుంచి వచ్చి లోయర్ ట్యాంక్ బండ్ బస్తీలో ఉంటున్న మనిషి.

"ఏందిది త్రిపురా?" అన్నది సులోచనమ్మ. "దండెమంత నీదే అయిపాయెనా?"

"ఖాళీగా ఉంది కదాండీ ఆంటీగారూ, ఎండ పోతుందేమోనని..."

"ఖాళీగుంటే ఏస్తవా? మా సోఫా గూడ ఖాళీగుంటది. వచ్చి పండుకుంటవా?"

అప్పుడు త్రిపుర హృదయకుహరంలో ఒక మహోపన్యాసం పుట్టింది. "ఓ సౌధాధీశ్వరీ! అనంతాకాశమునకు కిటికీ బిగించి తాళము వేయజూచు నీ లోభమునకు మేర కలదా? మూడు మాసములుగా నీ గుమ్మము ముందు చెప్పులు విడిచి, నీ మోటారు వేళలకు నా స్నానపానములను ముడివేసుకొని, శబ్దము కాకుండ పచ్చడి నూరుకొనుచున్న ఈ అబలకు ఒక పూట ఎండ బరువైనదా?" ఇంత పెద్ద ప్రసంగం గొంతు దాకా వచ్చి, ఆ ఇరుకులో చిక్కుకుని, చివరికి బయటికి రాగలిగినది మాత్రం ఇది:

"ఆయన చొక్కాలు వాసనొస్తున్నాయండి."

"మాయి గూడ వస్తున్నయి. వారం దినాల బట్టలివి. మీ దిక్కు నుంచి వచ్చినోళ్లకు జర జాగ చూపిస్తే చాలు, ఇగ..."

ఆ 'మీ దిక్కు' త్రిపురకు ముల్లులా దిగింది. "మా దిక్కున ఎండకి ఎవరూ కాపలా ఉండరండి!"

డాబా స్తంభించింది. పావురం ఎగిరిపోయింది. ఇరువురు వీరనారులు ఒకరి కళ్లలోకి ఒకరు చూస్తూ నిలబడ్డారు. కురుమమ్మ మధ్యలో టబ్బు ఎత్తిపట్టుకుని, "అమ్మా, చేతులు గుంజుతున్నయి. ఎవ్వరిదన్న గానియ్యి, ఇది దించల్నా వొద్దా?" అన్నది.

అధికారం అధికారమే. సులోచనమ్మ స్వహస్తాలతో ఒక్కో క్లిప్పు ఊడదీసి, చొక్కాలను, బనియన్లను, గద్వాల చీరను కూడా ట్యాంకు వెనకకు తరలించింది. పెద్ద దండెం మీద జగన్మోహన్ లుంగీలు జయపతాకల్లా రెపరెపలాడాయి. త్రిపుర ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంది. తాను ఏడవలేదని తర్వాత చాలాసార్లు చెప్పింది. ఆ పూట వండింది దొండకాయ అయినా, ఉల్లిపాయలు మాత్రం అర కిలో తరిగింది.

మధ్యాహ్నం రెండైంది. జగన్మోహన్, సులోచనమ్మ భోజనాలు ముగించి నిద్రలో ఉన్నారు. పని ముగించుకుని సందు చివరి దాకా వెళ్లిన కురుమమ్మ వెనక్కి పరుగెత్తుకొచ్చి, గేటు దగ్గర నిలబడి తల పైకెత్తి కేక పెట్టింది.

"ఓ బిడ్డా! మొగులైంది! జల్ది ఉరుకు!"

కోనసీమ చెవికి ఆ మాట 'మొగుడు' అని వినబడింది. మొగుడికి ఏదో అయింది! సాయంకాలం గానీ రాని మనిషి. బస్సులో పడ్డాడా? తడి మేజోళ్లతో మెట్ల మీద జారాడా? త్రిపుర ప్రాణాలు అరచేతిలోకి వచ్చాయి. జడ సగం అల్లినది సగంలోనే వదిలి, చెప్పుల్లేకుండా రెండంతస్తులూ దిగి గేటు పట్టుకుంది.

"ఏమైందమ్మా? ఎక్కడున్నారు ఆయన?"

కురుమమ్మ తెల్లబోయింది. "మీ ఆయనెందుకొస్తడు ఈ యాళ్లకు? మొగులు బిడ్డా, మొగులు! గా పైన జూడరాదూ, ఎట్ల నల్లగైందో!"

త్రిపుర తల ఎత్తింది. ఇందిరా పార్కు మీదుగా నల్లని మబ్బు ఏనుగుల దండులా వస్తోంది. మొదటి చినుకు ఆమె నుదుటి మీదే పడింది. ఆ కొత్త రాష్ట్రంలో మొదటి మాటను ఆమె అలా నుదుట తడి సంతకంతో నేర్చుకుంది. భర్త క్షేమంగా ఉన్నాడన్న ఆనందం ఒక పక్క, చొక్కాల గతి ఏమిటన్న ఆందోళన ఒక పక్క తరుముతుండగా, వచ్చిన వేగానికి రెట్టింపు వేగంతో మెట్లెక్కింది.

ముందు తన బట్టలు లాగేసింది. వాటిని ట్యాంకు చూరు కింద పెట్టి వెనుదిరిగింది. ఎదురుగా పెద్ద దండెం. లుంగీలు, దుప్పట్లు, సులోచనమ్మ చీరలు. వాటిమీద చినుకులు.

ఇక్కడ నిజం దాచరాదు. ఆ వీరనారి కదలలేదు. చేతులు కట్టుకుని నిలబడి, శత్రుసేన తడవడాన్ని కళ్లారా చూస్తూ, ఒకటి నుంచి పద్దెనిమిది దాకా లెక్కపెట్టింది. ఈ మూడు నెలల్లో ఆమె అంత సుఖంగా గడిపిన ఘడియ మరొకటి లేదు. పంతొమ్మిది అనబోయేసరికి జగన్మోహన్ లుంగీ ఒకటి గాలికి జారి సగం వేలాడుతూ, అచ్చం ఊళ్లో తన తండ్రి లుంగీలా కనబడింది. "ఛీ, నా బుద్ధి," అనుకుంది. రెండు చేతులా లాగింది. క్లిప్పులు నలుదిక్కులా బాణాల్లా ఎగిరాయి. చూరు కింది తన బట్టలనూ వాటితోపాటే ఎత్తుకునేసరికి, రెండు ఇళ్ల బట్టలూ కలిసి ఆమె ముక్కు దాకా గుట్ట అయ్యాయి.

సులోచనమ్మ నిద్రకళ్లతో తలుపు తీసింది. ఎదుట ఒక బట్టల గుట్ట, దానిమీద రెండు కళ్లు, వెనక కుండపోత.

"మీ బట్టలండి."

"మరి నీయి?"

"నావీ ఇందులోనే ఉన్నాయండి. కలిసిపోయాయి."

సులోచనమ్మ పక్కకు జరిగి దారిచ్చింది. ఇద్దరూ హాల్లో నేలమీద కూర్చుని గుట్టను వేరుచేయసాగారు. చీరలు తేలికగానే తేలాయి. బనియన్ల దగ్గర మళ్లీ సంక్షోభం. రెండు ఇళ్ల పురుషోత్తములూ ఒకే రకం, ఒకే సైజు.

"ఇది మా ఆయనది," అన్నది సులోచనమ్మ.

"కాదండి, మా ఆయనది. చంక దగ్గర చిరిగింది చూడండి."

"మా ఆయనయి అన్ని చంకలనే చిరుగుతయి!"

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ఆ నవ్వు తగ్గాక సులోచనమ్మ దుప్పటి మడతపెడుతూ, తల ఎత్తకుండా అన్నది. "మూడు నెల్లాయె. పైకి పోతవ్, కిందికి పోతవ్. ఒక్క దినం గూడ ఇట్ల కూసోలే. నీకు జర గీర అనుకున్న."

"మీరు పిలవలేదు కదండీ. పిలవకుండా ఎలా వస్తానండీ?"

"పిలవాల్నా? తలుపు తెరిచే ఉంటది గద!"

తలుపు తెరిచి ఉండటమే పిలుపని ఒకరు, పిలిస్తేనే తలుపు తెరిచినట్టని మరొకరు. తొంభై రోజులు ఎదురెదురుగా కాచుకున్న ఆ రెండు మర్యాదలూ అలా బనియన్ల మధ్య ముఖాముఖి అయ్యాయి.

లోపలి నుంచి జగన్మోహన్ వచ్చి, సంగతంతా విని, కళ్లజోడు సవరించుకున్నాడు. ముప్పై మూడేళ్ల తర్వాత అతని ముందుకు పరిష్కరించదగిన ఫైలు వచ్చింది. "దండెం పంచేద్దాం. రాష్ట్రం పంచుకున్నప్పటి లెక్క ఉండనే ఉన్నది. యాభై ఎనిమిది, నలభై రెండు. యాభై ఎనిమిది మాకు, నలభై రెండు మీకు."

"అప్పుడు యాభై ఎనిమిది మాదండి అంకుల్!" అన్నది త్రిపుర, పదమూడు జిల్లాల పక్షాన.

"అప్పుడు మీరు తీస్కున్నరు గద. ఇప్పుడు మా వంతు."

"ఇగ చాలు!" అన్నది సులోచనమ్మ. "నలభై రెండు తీస్కో. ఇంకో మాటంటే మల్ల ట్యాంకు ఎనకకే."

త్రిపుర తీసుకుంది. వాన వెలిశాక జగన్మోహన్ టేపు పట్టి కొలిచి, పన్నెండున్నర అడుగుల దగ్గర, ఆఫీసు ఫైళ్లకు కట్టే ఎర్రనాడాతో సరిహద్దు ముడివేశాడు. పద్దెనిమిది దాకా లెక్కపెట్టిన ఉదంతం మాత్రం సంధి షరతుల్లో చేరలేదు. సాయంకాలం విద్యాసాగర్ అంతా విని, "భేష్! సరిగ్గా నేననుకున్న వ్యూహమే," అన్నాడు. త్రిపుర అతనికి ఆ రాత్రి రెండోసారి కూర వడ్డించలేదు.

మర్నాడు ఉదయం తొమ్మిదికి మార్తాండుడు నిరాటంకంగా దర్శనమిచ్చాడు. అటు పదిహేడున్నర అడుగుల్లో లుంగీలు, ఇటు పన్నెండున్నర అడుగుల్లో చొక్కాలు, ఎర్రనాడాకు ఇరువైపులా ఒకే గాలికి ఊగాయి. త్రిపుర పదింటికొకసారి, పదకొండింటికొకసారి, పన్నెండింటికొకసారి వెళ్లి తాకి చూసింది. చేతులు ఆరాయి. వీపు ఆరింది. జేబు మొండికేసింది. కాలరు సాయంత్రం దాకా లొంగేలా లేదు.

పన్నెండు గంటల నలభై నిమిషాలకు, అభిజిల్లగ్నం కాస్త దాటిన శుభవేళ, ఆమె నాలుగోసారి డాబా ఎక్కి, మొదటి చొక్కా కాలరును రెండు వేళ్ల మధ్య నలిపి, చెంపకు ఆనించి, కళ్లు మూసుకుని పరీక్షించింది. కోటలు కూలనక్కరలేదు, కిరీటాలు దొర్లనక్కరలేదు. శ్రీమత్ అశోక్‌నగర సౌధాగ్రమున, ఉభయరాష్ట్ర ప్రజలు తమతమ పనులలో మునిగియుండగా, ఒక తెల్లచొక్కా, గుండీల పట్టీతో సహా, జేబు అడుగు కుట్టుతో సహా, కాలరుతో సహా, సంపూర్ణముగా ఆరెను.