కంటి పొర వర్ధిల్లాలి!

పాఠకులారా, కంటికి శుక్లం రావడం అదృష్టం! నవ్వకండి. ఒంట్లో ఎన్ని జబ్బులున్నా మనిషిని డాక్టరు దాకా నడిపించే శక్తి ఆ పొర ఒక్కదానికే ఉంది. నమ్మకపోతే మా అక్క ఈరవ్వ సంగతి వినండి.

అక్కది కోటగిరి. బావ లింబయ్యకు కాలువ కింద చెరుకు తోట. కొన్నేళ్లుగా అక్కకు అరికాళ్ల మంటలు. ఎంత తాగినా తీరని దాహం. ఓసారి తల తిరిగి చెరుకు గట్టు మీదే కూలబడింది.

"ఆడోళ్లకు గివన్ని మామూలే" అన్నాడు బావ. ఎంత గొప్ప వైద్యుడు! నాడి పట్టకుండానే తేల్చేశాడు!

అప్పుడు వచ్చిందండీ, శుక్లం! బియ్యంలో రాళ్లు ఏరడానికి అక్కకు చూపు ఆనలేదు. ఓ పూట బావ పంటి కింద రాయి పడింది. మరునాడే నిజామాబాద్ బస్సు! అరికాళ్లు ఇన్నేళ్లు మండినా కాని పని ఒక్క రాయితో అయిపోయింది. వెంట నేనూ వెళ్లాను.

కళ్ల డాక్టర్ రాజేశ్వర్ చూసి, "ఆపరేషన్ చేద్దాం. ముందు మిగతా పరీక్షలు కానివ్వండి" అన్నారు.

మూత్రాన్ని నీలం మందులో కలిపి కాచారు. గాజుగొట్టంలో నీలం పోయి ఇటుక రంగు తేలింది.

"షుగర్ చాలా ఉంది."

బావ నోరు తెరిచాడు. "ఏంది సారూ! ఈసారి నా చెరుకుల చక్కెర తక్కువుందని నేనేడుస్తున్న. ఈమెకు గింత యాడికెల్లొచ్చింది?"

చేతికి పట్టీ చుట్టి చూస్తే బీపీ. నోరు తెరిపిస్తే చీము పట్టిన పళ్లు. వీపున గొట్టం ఆనిస్తే పాత దగ్గు. ఒక్క పొర వెనక ఇన్ని జబ్బులు క్యూ కట్టి నిలబడ్డాయి!

బావకు కోపం వచ్చింది. "మేం కన్ను సూపియ్యనీకి వచ్చినం. మీరు మనిషినంత సూస్తరేంది సారూ?"

"కన్నొక్కటే తేవాల్సింది మరి, మనిషిని ఇంటి దగ్గర వదిలేసి" అన్నారు డాక్టర్. "షుగర్ తగ్గకుండా కోస్తే పుండు మానదు. కోశాక దగ్గితే కన్నే పోతుంది."

అక్క కళ్లు తుడుచుకుంది. భయపడిందేమో అనుకున్నాను.

"భయం కాదు తమ్ముడా" అంది. "కాళ్లు మండుతున్నయంటే అబద్ధమాడుతున్న అనుకున్నరు. గా గొట్టంల ఎర్రగ తేలింది సూడు. నా మసక కండ్లకు గూడ కనబడ్డది."

అక్క గోళీలు మింగింది, తీపి మానింది, పళ్లు పీకించుకుంది. దగ్గు తగ్గాక ఆపరేషన్ అయింది. కళ్లకు కట్టు, తలకు అటూ ఇటూ ఇసుక సంచులు. కదలొద్దన్నారు. పెళ్లయ్యాక అక్క పగటిపూట పడుకోవడం అదే మొదలు! బావ పక్కన కూర్చుని చెంచాతో జావ తాగించాడు. ఇంతటి రాజభోగం శుక్లం తప్ప ఇంకెవరు ఇవ్వగలరు?

కట్టు విప్పాక, సోడాబుడ్డి అద్దాల్లోంచి బావను చూసి, "గింత ముసలోనివైనవా?" అంది.

ఆమెను పలకరించడానికి కోటగిరి వెళ్తే, పొరుగింటి రుక్మాబాయి నన్ను వాకిట్లోనే ఆపింది. నాలుగడుగులు వేస్తే ఆమెకు ఆయాసం, గుండెలో పోటు.

"మా ఇంటాయనకు చెప్పి చెప్పి యాష్టకొచ్చింది. పని తప్పించుకోనీకి అంటడు" అంది. ఆశగా మొహం పైకెత్తింది. "తమ్మీ, నా కండ్లల్ల పొర ఉన్నదా, జెర సూడు!"

వెలుతురుకు తిప్పి చూశాను. రెండు కళ్లూ తేటగా ఉన్నాయి. పాపం, ఎంత దురదృష్టవంతురాలు!

నేరుగా ఆమె భర్త దేవిదాస్ దగ్గరికి వెళ్లాను. "దేవిదాసన్నా, వదినకు రెండు కండ్లకు పొరొచ్చింది. ఇగ నీకు వండిపెట్టుడు బందైతది" అన్నాను.

తెల్లారగానే బస్సు దగ్గర అందరికంటే ముందు దేవిదాసే నిలబడ్డాడు, భార్య చెయ్యి పట్టుకుని. నేను రుక్మాబాయి చెవిలో మెల్లగా చెప్పాను:

"కండ్ల సంగతి తర్వాత సారూ, ముందుగాల గుండె సూడుండ్రి అని చెప్పు."