రాక్షసుల్లో ఏమోళ్లు?

సృష్టిలో లోకాలు పద్నాలుగని శాస్త్రాలు చెబుతున్నాయి. వాటన్నిటిలోకీ ప్రవేశం కష్టమైనది ఏదని అడిగితే అమాయకులు స్వర్గమంటారు. దిల్‌సుఖ్‌నగర్‌కు తూర్పున కిరాయికి దొరికే రెండు గదుల పోర్షన్ అని అనుభవజ్ఞులు అంటారు. స్వర్గానికి కాస్త పుణ్యం ఉంటే సరిపోతుంది. పోర్షన్‌కు మాత్రం ఇంటాయన అడిగే ప్రశ్నకు జవాబుండాలి.

ఈ సంగతి కరాళుడికి తెలియదు. అతను నరకంలో నూనె విభాగం ఉద్యోగి. పాపులను వేయించే బానల కింద మంట ఆరకుండా చూసుకోవడం అతని పని. తలమీద కొమ్ములు, నోట్లో కోరలు, సర్వీసులో ఒక్క మచ్చ లేదు. పుణ్యాత్ముడో పాపాత్ముడో తేలనివాళ్లను రెండు లోకాలూ పంచుకోవడానికి సరిహద్దులో ఒక కౌంటర్ ఉంటుంది. అక్కడికి స్వర్గం తరఫున వచ్చే దేవకన్య కౌముది. ఆమెకు తెల్లని రెక్కలు, అబద్ధం పలకలేని నోరు ఉన్నాయి. (ఆ నోరు స్వర్గంలో ఉద్యోగార్హత. భూమ్మీద దాన్ని జబ్బు కింద లెక్కేస్తారని ఆమెకు తర్వాత తెలిసింది.) ఒకనాడు నరకం తరఫున అక్కడికి కరాళుడు వెళ్లాల్సి వచ్చింది. ఒక ఆత్మ ఎటు పోవాలన్న దానిమీద ఇద్దరికీ ఎంతకీ తెగలేదు. ఆ ఆత్మ విసుగెత్తి తనంతట తానే నరకంలోకి నడిచిపోయింది. వీళ్లిద్దరూ ఆ మాట మరిచిపోయి ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ప్రేమ అలా మొదలైంది.

దేవతలకూ రాక్షసులకూ మధ్య ప్రేమ నిషిద్ధం. మరే విషయంలోనూ కుదరని ఏకాభిప్రాయం రెండు లోకాలకూ ఈ ఒక్కదానిలో కుదిరింది. పట్టుబడితే ఆమె రెక్కలు కత్తిరిస్తారు. అతన్ని, ఇన్నాళ్లూ తాను మంటపెట్టిన బానలోనే వేస్తారు. యుగాంతం దాకా ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఉండదు. తప్పించుకోవడానికి నిబంధనల్లో ఒకే ఒక్క సందు ఉంది. ఇద్దరూ భూమ్మీద కాపురం పెట్టి, వచ్చే అమావాస్య నాటి విచారణలో ఇంటి యజమాని చేత ‘వీళ్లు మా కిరాయిదార్లు’ అనిపించాలి. (ఇంటి యజమాని మాటను కొట్టేసే అధికారం ఏ లోకంలోనూ ఎవరికీ లేదు.)

వాళ్లు ఎల్.బి.నగర్ దిక్కు రావడానికి కారణం ఉంది. స్వర్గం రికార్డుల్లో నగరం మలక్‌పేటతో అయిపోతుంది. నరకం రికార్డుల్లో ఊళ్లు హయత్‌నగర్‌తో మొదలవుతాయి. నడుమ ఉన్న ద్రాక్షతోటలు నరికి, హద్దురాళ్లు పాతి, ప్రతి రాళ్లగుట్టకూ ఒక దేవుడి పేరు పెట్టి కాలనీ అంటున్న రోజులవి. అది ఎవరి పరిధిలోకి వస్తుందో దేవతలకూ తెలియదు, రాక్షసులకూ తెలియదు, ప్లాట్లు కొన్నవాళ్లకు అసలే తెలియదు. నిషిద్ధ ప్రేమికులు భూమికి దిగారంటే పాఠకులు నల్లమబ్బులూ, మెరుపులూ, రాలిపడే ఈకలూ ఆశిస్తారు. సిమెంటు లారీ ఒకటి పోయింది, దుమ్ము లేచింది, అంతే.

వాళ్లు మొదట తట్టిన తలుపు రామచంద్రం గారిది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన విశ్రాంత ఉద్యోగి, శ్రీవైకుంఠనగర్ కాలనీ సంక్షేమ సంఘానికి అధ్యక్షుడు. ఆయన కరాళుణ్ని కింది నుంచి పైదాకా చూశాడు.

“ఈ కొమ్ములేవిటండీ?”

“పుట్టుకతో వచ్చినవండీ.”

“ఉండనివ్వండి. గుమ్మానికి తగిలి సున్నం రాలితే మాత్రం పూచీ మీదే. అమ్మాయిగారి రెక్కలు డాబామీద ఆరేయకూడదు. ఆ తీగ మా ఆవిడ చీరలకి. కోరలున్నాయి కదా అని మా ఇంట్లో మాంసం వండకూడదు. అన్నీ బాగానే ఉన్నాయి. ఇంతకీ మీరేవిట్లు?”

“రాక్షసులమండీ.”

“అది కనబడుతూనే ఉంది. రాక్షసుల్లో ఏవిట్లు?”

కరాళుడు నిజంగానే ఆలోచించాడు. “మా దగ్గర అలాంటివి లేవండీ. ఎవరొచ్చినా అదే బాన, అదే నూనె.”

రామచంద్రం గారి మొహం పాలిపోయింది. పాపం చేస్తే సలసల కాగే నూనెలో వేస్తారని ఆయన చిన్నప్పటి నుంచీ వింటున్నాడు, ఎన్నడూ భయపడలేదు. ఆ నూనె ఉమ్మడిదని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

“అందర్నీ ఒకే నూనెలోనా!” అని తలుపు వేసుకున్నాడు.

ఆ తర్వాత తట్టిన తలుపులన్నీ అదే ప్రశ్న వేశాయి. కొందరు సూటిగా అడిగారు. కొందరు మర్యాదస్తులు ఇంటిపేరు అడిగి, ఊరి పేరు అడిగి, పండగకి ఏం వండుతారని అడిగి, చుట్టు తిరిగి అక్కడికే వచ్చారు. దేవతల్లో శాఖలుంటాయా అని ఒకాయన కౌముదినే అడిగాడు. ఆమె లేవని నిజం చెప్పింది. కొమ్ములకు భయపడి తలుపు వేసినవాడు ఒక్కడూ లేడు. పదినాళ్లు తిరిగాక కరాళుడికి తన కొమ్ముల మీద కొంచెం చిన్నచూపు కూడా ఏర్పడింది.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ హద్దురాళ్ల మీద కూలబడి ఉంటే, పక్కన మేడ కడుతున్న మేస్త్రీ బక్కయ్య తాపీ కింద పెట్టి వచ్చాడు.

“ఏందన్నా, ఇల్లు దొరకలేదా? ఎట్ల దొరుకుతది. గీ గల్లీల సగం ఇండ్లు నేనే కట్టిన. నాకే దొరకలే. ఇంక మీర్‌పేట్ దిక్కు గుడిసెలనే ఉంటున్న.”

మూట విప్పి జొన్నరొట్టె మూడు ముక్కలు చేశాడు. మిరపకాయ తొక్కు పెట్టి చేతికిచ్చాడు. కౌముది రెక్కల వైపు ఒకసారి చూసి, “చెల్లె, దుమ్ము పడతది, జర ముడుచుకో” అన్నాడు. అంతకు మించి ఏమీ అడగలేదు. కాలనీలో ఆ ప్రశ్న అడగని మనిషి తగలడం అదే మొదలు. కరాళుడు మొహం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. తొక్కు కారమని బుకాయించాడు.

బక్కయ్యే వాళ్లను అండాలమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె ఆ నేల పాతకాపు. తోట ప్లాట్లయ్యాక కొన్ని పోర్షన్లు కట్టించి కిరాయికిస్తోంది. బక్కయ్య వాకిలి బయటే నిలబడి సంగతి చెప్పాడు.

“కొమ్ములున్నయని ఇల్లియ్యరా? మా ఎడ్లకు లేవా కొమ్ములు?” అంది అండాలమ్మ. కౌముది గడ్డం పట్టుకుని చూసి, “పిల్ల లచ్చిందేవి లెక్కున్నది. ఎంత పరేషాన్ అయిందో పాపం. దిగుండ్రి బిడ్డా. తక్కిన ముచ్చట తర్వాత మాట్లాడుకుందాం” అని తాళం చెవి చేతిలో పెట్టింది.

ఆ తక్కిన ముచ్చట ఏమిటో కరాళుడు ఆలోచించలేదు. సంతోషంలో ఉన్నాడు. పొద్దున్నే బోరు మోటారు దగ్గర బిందెలు పట్టేవాడు. సాయంత్రం కౌముది పక్కన మెట్ల మీద కూర్చునేవాడు. బానల దగ్గర ఎన్ని యుగాలు పనిచేసినా అతనికి వెచ్చదనమంటే ఏమిటో అక్కడే తెలిసింది.

కాలనీ కూడా వాళ్లను బాగా వాడుకుంది. అండాలమ్మ టీవీ తీగను అతని కొమ్ముకు చుడితే బొమ్మ అద్దంలా వస్తుందని ఎవరో కనిపెట్టారు. ఆదివారం సినిమాకు రామచంద్రం గారి కుటుంబంతో సహా కాలనీ అంతా అక్కడే. కరాళుడు కిటికీ బయట కదలకుండా నిలబడేవాడు. కరెంటు పోతే కౌముది రెక్కలతో గాలి. (చూసి వెళ్లేటప్పుడు ఎవరూ వాళ్లతో మాట్లాడేవారు కాదు. ఏమోళ్లో తెలియకుండా ఎలా మాట్లాడతారు?)

తెలియకపోయినా కాలనీ ఊరుకోదు, ఊహిస్తుంది. కౌముది మాట పుస్తకంలో మాటలా ఉంటుంది కాబట్టి వాళ్లు ఆంధ్రోళ్లని స్థానికులు తేల్చారు. కరాళుడు జొన్నరొట్టె తింటాడు కాబట్టి ఇక్కడివాళ్లేనని కోస్తావాళ్లు తేల్చారు. మీవాళ్లంటే మీవాళ్లని మర్యాదగా ఒకరికొకరు అప్పగించుకున్నారు. చివరికి సంఘం అత్యవసర సమావేశం పెట్టింది. రామచంద్రం గారు లేచి, “అమావాస్య వెళ్లగానే చవితి పందిట్లో భోజనాలు. ఎవరేవిట్లో తెలియకపోతే ఏ బంతిలో కూర్చోబెట్టాలండీ?” అని అడిగాడు. సభ దీర్ఘంగా నిట్టూర్చింది. సంగతి తేల్చే బాధ్యత ఇంటి యజమానిదని తీర్మానం చేసి అండాలమ్మకు చెప్పి పంపారు.

అమావాస్య వచ్చింది. మలక్‌పేట నుంచి వచ్చిన బస్సులోంచి స్వర్గం అధికారి, హయత్‌నగర్ నుంచి వచ్చిన బస్సులోంచి నరకం అధికారి దిగారు. అండాలమ్మ వాకిట్లో కుర్చీలు వేశారు. కాలనీ గోడలెక్కి చూస్తోంది. ఇసుక కుప్ప దగ్గర బక్కయ్య చెయ్యి ఆపి నిలబడ్డాడు.

“అమ్మా, వీళ్లు మీ కిరాయిదార్లేనా?” అని స్వర్గం అధికారి అడిగాడు.

అండాలమ్మ కరాళుడికి చాయ్ తెస్తోంది. గ్లాసు చేతికివ్వబోతూ గోడల మీది తలల వైపు చూసింది.

“ఒక్క మాట బిడ్డా. నాకేం పట్టింపు లేదు. రేపు నలుగురు అడిగితే నేనేం చెప్పాలె? మీరు ఏమోళ్లు?”

కౌముదికి అబద్ధమాడటం రాదు. కరాళుడు ఆడగలడు. ఆమె కోసం ఎన్నైనా ఆడగలడు. కానీ అబద్ధం చెప్పడానికైనా ఒక పేరు తెలిసి ఉండాలి కదా. ఏవి ఎక్కువో, ఏవి తక్కువో అతనికి ఎవరూ నేర్పలేదు. ఈ కాలనీలో అందరికంటే మంచివాడెవడో మాత్రం అతనికి బాగా తెలుసు. అంత మంచివాడు ఎందులో పుట్టాడో అదే అన్నిటికంటే గొప్పదై ఉంటుందని లెక్క వేసుకున్నాడు.

“బక్కయ్యోళ్లం అమ్మా” అన్నాడు. గర్వంగా అన్నాడు.

ఇసుక కుప్ప దగ్గర బక్కయ్య కళ్లు మూసుకున్నాడు. “అయ్యో అన్నా, ఎంత పని చేస్తివి” అన్నది ఎవరికీ వినబడలేదు.

చేతికివ్వబోయిన చాయ్ గ్లాసును అండాలమ్మ కింద పెట్టింది. కొంచెం దూరంగా పెట్టింది. ఆమె చెడ్డది కాదు, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. నీళ్లు తిరిగినంత మాత్రాన గ్లాసు పైకి లేవలేదు.

స్వర్గం అధికారికి జాలేసింది. “కౌముదీ, నువ్వు అబద్ధమాడలేవు. ఇతను చెప్పింది నిజమా? కాదని ఒక్క మాట అను. ఇల్లు నిలుస్తుంది” అన్నాడు.

కౌముది రెక్కలు ముడుచుకుని నిలబడింది. “నిజమే. మాకు అన్నం పెట్టి ప్రశ్న వేయనివాడు ఆయనొక్కడే. మేము ఆయనవాళ్లమే” అంది.

“వీళ్లు మా కిరాయిదార్లు కారు” అని అండాలమ్మ తలుపు వేసుకుంది.

ఎవరి బస్సులోకి వాళ్లను ఎక్కించారు. బస్సు మలుపు తిరిగేదాకా కరాళుడు కిటికీలోంచి తెల్లని రెక్కల కోసం చూశాడు. యుగాలుగా పాపుల ఏడుపు విని కదలని గుండె ఆ రోజు బద్దలైంది.

అయితే విచారణ వల్ల మేలు జరగలేదనడం అన్యాయం. నరకం అధికారి ఈ పద్ధతికి ముగ్ధుడయ్యాడు. ఇంతమందిని, మంట లేకుండా, ఒక్క ప్రశ్నతో ఇంత బాధపెట్టే ఏర్పాటు తమ దగ్గర లేదని ఒప్పుకుని, రామచంద్రం గారి వసారాలో కూర్చుని అంతా నేర్చుకుపోయాడు. మరునాటి నుంచి నరకంలో ఎవరి బానలు వారివి. ముందు వరుసలో గొప్పవాళ్లవి, చివర, గట్టు అవతల, తక్కినవాళ్లవి. స్వర్గం కూడా వెనకబడలేదు. అక్కడ ద్వారం దగ్గరే అడగసాగారు.

కరాళుణ్ని అడిగారు. బక్కయ్యోళ్లమన్నాడు. ఈసారి తెలిసే అన్నాడు. చివరి బానలోకి పంపారు. దానికి నూనె మంజూరు కాలేదు. కట్టెలూ రాలేదు. పైన ఫైలు నడుస్తోందన్నారు. అతను చల్లటి బానలో మోకాళ్లు దగ్గరికి తీసుకుని కూర్చున్నాడు.

కౌముది కూడా అదే జవాబు చెప్పింది. ఆమె రెక్కలు కత్తిరించాల్సినవాడు ఆ మాట విని, ముట్టుకోనని కత్తెర పక్కన పెట్టేశాడు. స్వర్గంలో అలాంటివాళ్లకు చోటు లేదని కిందికి పంపారు. కింద ఆమెకు కేటాయించదగిన బాన ఒక్కటే ఉంది. రెక్కలు ముడుచుకుని అందులోకి దిగి, కరాళుడి భుజం మీద తల పెట్టుకుంది. రెండు లోకాల నిబంధనలూ కలిసి విడదీసినవాళ్లను రెండు లోకాల అసహ్యం మళ్లీ ఒకచోట పడేసింది. ఆ ఫైలు నేటికీ కదల్లేదు.

చాలా ఏళ్లకు రామచంద్రం గారు కాలం చేశారు. కౌంటర్ దగ్గర గుమాస్తా నోరు తెరవకముందే ఆయన తానేవిట్లో గోత్రంతో సహా చెప్పారు. వెంటనే దారి ఇచ్చారు. మొదటి వరుస, మొదటి బాన. అంచుదాకా నూనె, కింద ఎప్పుడూ ఆరని మంట, మీద ఆయన పేరుతో పలక. మర్యాదకు లోపం లేదు. చివరి వరుస నుంచి కరాళుడు మెడ చాచి చూశాడు. పాత అలవాటు కొద్దీ మంట సరిగ్గా ఉందా లేదా అని చూసుకున్నాడు. సరిగ్గానే ఉంది.

మూత పెట్టబోతుంటే రామచంద్రం గారు చెయ్యి ఎత్తి ఆపారు.

“ఒక్క నిమిషం ఆగండి. నాకంటే ముందు ఇందులో ఇంకెవర్నీ వెయ్యలేదు కదా?”