గిడియన్ ఓడిన గిన్నెల ఎలక్షన్

రండి రండి, ఇలా దగ్గరికొచ్చి కూర్చోండి. ఆ ఫోన్లు బోర్లా పెట్టండి బాబూ! వెనకాల గోడకి ఆనుకుని గుసగుసలాడుతున్న బ్యాచ్, మీక్కూడానండి చెప్పేది. ఆ చిప్స్ ప్యాకెట్టు కరకరలు ఆపితే మొదలెట్టేద్దాం.

ముందే చెప్పేస్తన్నా. మనిషికి దొరికే వరాలన్నిట్లోకీ పెద్ద వరం ఎలక్షన్లో ఓడిపోవటం! నవ్వకండి. గెలిచినోడికి ఏం మిగుల్తాదండీ? మీటింగులు, ఫొటోలు, ఊరందరి తిట్లు. ఓడిపోయినోడు మహరాజు! వాన పడకపోతే గెలిచినాళ్ల తప్పు. అసైన్‌మెంట్ ఫెయిలైతే గెలిచినాళ్ల తప్పు. చొక్కా గుండీ ఊడినా వాళ్లదే!

నమ్మరా? అయితే గిడియన్ సంగతి వినండి.

గిడియన్ది అమలాపురం పక్కన. ఆస్ట్రేలియాలో పెర్త్ యూనికొచ్చి, అదేనండి యూనివర్సిటీకి, మాస్టర్స్ చదూతా, అక్కడ పియారా వాటర్స్ అనే పేటలో ఇంకొందరు కుర్రాళ్లతో ఓ ఇంట్లో ఉండేవోడు. మంచోడేనండి, కాపోతే పక్కా సంప్రదాయం మనిషి. ఎంత సంప్రదాయం అంటే, ఫోన్ అప్‌డేట్ అడిగినా "మా నాన్న చెయ్యలేదు, నేనూ చెయ్యను" అనేవోడు!

అక్కడ తెలుగు స్టూడెంట్లకి ఓ అసోసియేషన్ ఉంది. శనివారం మధ్యాన్నం కమ్యూనిటీ హాల్లో అందరికీ భోజనాలు. ఆడపిల్లలు వండుతారు, వడ్డిస్తారు, గిన్నెలు తోముతారు. మగపిల్లలు తింటారు. ఊరికే తింటారేంటండీ? చివర్లో లేచి "వోట్ ఆఫ్ థ్యాంక్స్" కూడా చెప్తారు! ఈ ఏర్పాటుకి ప్రెసిడెంటు కోటేశ్వరరావు పెట్టిన పేరు "మన సంస్కృతి." ఆయన మూడో డిగ్రీ చదూతున్నాడో, నాలుగోదో, యూనికే గుర్తులేదు.

ఆ ఏడు కాకినాడ నుంచొచ్చిన సెరీనా అని నర్సింగ్ అమ్మాయి ప్రెసిడెంటుకి నిలబడింది. ఒకటే మాట ఇచ్చింది: "తిన్నవాళ్లే తోమాలి."

అంతే! గిడియన్ గబుక్కున రెండు చేతులూ జేబుల్లో దాచేసుకున్నాడు. పుట్టి బుద్దెరిగాక ఆడు తిన్న కంచం ఆడు తీసి ఎరగడు. తోముడు పీచు ఫొటోలో చూస్తే ఏదో సముద్రంలో జంతువనుకున్నాడు. సెరీనా గెలిస్తే ఆ చేతులు ఏం గావాలి? అందుకని కోటేశ్వరరావు తరపున ప్రచారానికి దిగాడు. "మన సంస్కృతి సింకులో పడిపోతందిరా!" అని ట్రైన్లోనూ అరిచాడు, లైబ్రరీలోనూ అరిచాడు. లైబ్రరీలోంచి మాత్రం బయటికి పంపించేశారు.

నిలబడింది మొత్తం అయిదుగురు. మిగతా ముగ్గురూ రెజ్యూమేలో రాసుకోడానికి నిలబడ్డోళ్లు. యూని వాళ్ల రూలేంటంటే, ఒక్కరికి టిక్కు పెడితే కుదరదు, ఒకటి నుంచి అయిదు దాకా అందరి పక్కనా అంకెలు వెయ్యాలి. ఎవరికెంత వెయ్యాలో గిడియనే కుర్రాళ్లందరికీ దగ్గరుండి నేర్పాడు. అసోసియేషన్లో మగపిల్లలే ఎక్కువ. ఇంకేం! గెలుపు ఖాయం అనుకుని దండలు కూడా తెచ్చేశారు.

రిజల్టొచ్చింది. సెరీనా గెలిచింది. కోటేశ్వరరావుకి మొదటి ఓటు ఒక్కటంటే ఒక్కటి పడలేదు. ఆయన ఓటూ ఆయనకి పడలేదు!

ఇక చూస్కోండి మనోడి ఏడుపు! పెరట్లో కూర్చుని ఏడిస్తే ఎండిపోయిన లాన్ పచ్చగా చిగురేసింది. అక్కడ నీళ్లకి కటకట, లాన్ తడపడానికి ఇంటి నంబర్ని బట్టి వారానికి రెండ్రోజులే ఇస్తారు. మర్నాడు యూనిఫారంలో ఒకాయనొచ్చి "ఇవాళ మీ ఇంటి నంబరుకి స్ప్రింక్లర్ డే కాదు కదా, నీళ్లెందుకు పెట్టారు?" అని గద్దించాడు. కన్నీళ్లని చెప్తే ఎవరు నమ్ముతారు!

తరవాత అనుమానాలు. మ్యాగ్‌పై పక్షులు కోటేశ్వరరావన్న ఓట్లని ముక్కున కరుచుకుపోయాయన్నాడు. కాదు, మధ్యాన్నం పూట వీచే సముద్రపు గాలికి కాయితంమీద అంకెలు పక్క పేరుకి జరిగిపోయాయన్నాడు. దీనిమీద యూనికి ఈమెయిల్ కూడా కొట్టాడు. "గాలిని విచారించుటకు మాకు అధికారం లేదు" అని చాలా మర్యాదగా జవాబొచ్చింది.

"ఈ దేశంలో నేనుండను. న్యూజిలాండ్ పోతున్నా!" అని సూట్‌కేసులో కుక్కరూ, బైబిలూ, దుప్పటీ సర్దుకుని బస్టాపుకెళ్లాడు. బస్సొచ్చింది.

"వేర్ టు, మేట్?" అన్నాడు డ్రైవరు.

"న్యూజిలాండ్!"

"ఇది ట్రైన్ స్టేషన్ దాకానే వెళ్తది మేట్" అన్నాడాయన ఇంగ్లీషులో, పాపం నిజంగా బాధపడిపోతా.

దాంతో గిడియన్ అదే సూట్‌కేసు ఈడ్చుకుంటా హాలుకెళ్లి సెరీనా ముందు నిలబడ్డాడు. ఆ పిల్ల శనివారం వంటకని ముందే ఉల్లిపాయలు తరుగుతోంది.

"నిజం చెప్పు సెరీనా. మా ఓట్లన్నీ ఏం చేశావ్?"

"నేనేం చేస్తాను గిడియన్? యూని స్టాఫ్ కదా కౌంట్ చేసింది. అసలు నువ్వెలా వేశావ్?"

"నాకు తెలీదనుకున్నావా? మా అన్నకి అయిదుకి అయిదు! ఫుల్ మార్కులు! మా బ్యాచ్ మొత్తం చేత అలాగే వేయించా. అన్న కూడా తనకి తను అయిదే వేసుకున్నాడు."

"మరి నాకు?"

"నీకా? ఒక్క మార్కు. సున్నా వేద్దామంటే రూల్స్ ఒప్పుకోలేదు."

సెరీనా కత్తి కింద పెట్టేసింది. "ఒరే నాయనా, అవి మార్కులు కాదురా, ర్యాంకులు! ఒకటంటే ఫస్టు. ఎంసెట్ ర్యాంకులు కలవరించే ఊరి నించొచ్చి మార్కులేశావా? మా అమ్మాయిల ఓట్లతో నేనెక్కడ గెలుస్తాను? నన్ను గెలిపించింది నువ్వే! థ్యాంక్యూ సో మచ్!"

ఇంకోడైతే అక్కడికక్కడే కూలబడేవోడు. ఓడిపోయినోడి తెలివి చూశారా! గిడియన్ బయటికొచ్చి కోటేశ్వరరావుకి ఫోన్ కొట్టాడు. "అన్నా, మనం ఓడిపోలేదన్నా! ఆ పిల్లని ప్రెసిడెంటుని చేసింది మనమే. అంటే గెలిచింది మనమే కదా?"

కోటేశ్వరరావు మురిసిపోయాడు. "నిజమే తమ్ముడూ. సీటు ఆవిడదైనా మార్కులు నాకే ఎక్కువ. మెడల్ ఏమన్నా ఇస్తారేమో కనుక్కో" అన్నాడు.

చూశారా అండీ? గెలిచినోడికి ఇంత తృప్తి ఎక్కడిది!

శనివారం వచ్చింది. గిడియన్ బాయ్‌కాట్ ప్రకటించాడు. హాలు బయటే నిలబడ్డాడు. లోపల్నుంచి గోంగూర మటన్ వాసన ఓసారి వచ్చింది, ఊరుకున్నాడు. రెండోసారి వచ్చింది, కళ్లు మూసుకున్నాడు. మూడోసారి వాసనే తలుపు తీసుకుని వచ్చి చెయ్యట్టుకుని లాక్కెళ్లింది! "నేను ప్రతిపక్షం తరపున పరిశీలనకొచ్చాను" అని అందరికీ చెప్పి మరీ కూర్చున్నాడు. పరిశీలన చాలా లోతుగా చేశాడండి, రసం గిన్నె అడుగు కనపడేదాకా!

లేవబోతుంటే సెరీనా గులాబీరంగు గ్లవుజులు చేతిలో పెట్టింది. "పరిశీలన అయ్యిందా సార్? సింకు అటు."

మొదటి కంచాన్ని చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకున్నాడు. వాళ్ల వంశంలో ఎవరూ చెయ్యని పని మరి! సబ్బునురగలో కన్నీళ్లు కలిసిపోయాయి. అడుగంటిన పెద్ద డేగిశా మొదలెట్టేసరికి పట్టుదలొచ్చేసింది. మూతి బిగించి తోముతున్నాడు, తోముతున్నాడు, తోమగా తోమగా ఆ డేగిశా ఎంత మెరిసిందంటే, కిటికీలోంచి ఆ వెలుగు పైకి తగిలి పెర్త్ ఎయిర్‌పోర్టులో దిగాల్సిన విమానాలు కళ్లు చెదిరి ఇంకో రౌండు కొట్టాయట! దాన్ని ఎత్తి చూసుకుని మనోడు నవ్వాడు కూడా. ఎవరూ చూడట్లేదనుకున్నాడు.

చూస్తోంది మంగతాయారు గారు. ఎవరో కుర్రాడి తల్లి, కొడుకుని చూడ్డానికి విజిటర్ వీసా మీద వచ్చిందావిడ. పక్కనే వాళ్లాయన కూర్చుని, పెరుగు గిన్నె చేతికందేంత దూరంలోనే ఉన్నా, "పెరుగూ!" అని కేకేస్తున్నాడు.

"ఏవమ్మా సెరీనా, ఆ అబ్బాయెందుకు తోముతున్నాడు?" అనడిగిందావిడ.

"ఎలక్షన్లో వాళ్ల పార్టీ ఓడిపోయింది ఆంటీ."

ఆవిడ గిడియన్ని చూసింది. మెరుస్తున్న డేగిశాని చూసింది. పెరుగు కోసం చెయ్యి చాపుకుని కూర్చున్న మొగుణ్ణి చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని సెరీనా చెయ్యి పట్టేసుకుంది.

"అమ్మా, అమ్మా, నీకు పుణ్యముంటాది! వచ్చే ఏడు మా ఆయన్ని కూడా నిలబెట్టి ఓడించండమ్మా! ఆయనకి ఓటెయ్యొద్దని ఇల్లిల్లూ తిరిగి ప్రచారం నేనే చేసిపెడతాను!"