గదిలో పొయ్యి ఉందా?

సెలవులకి సముద్రం దగ్గరికి పోతూ పొయ్యి పని కూడా వెంట మోసుకుపోవాలని మొదట కనిపెట్టింది ఎవరు? బయటికి రండి! రాడిమ్, నువ్వూ రా, పక్కకి తప్పుకోకు. నిన్ను కని, "బయట తిండంటే డబ్బు తగలెయ్యడమే" అని ఉగ్గుపాలతో నేర్పిన మీ అమ్మ బొజెనాని కూడా వెంటబెట్టుకుని రా. చెక్ దేశపు ఓపావా ఊళ్ళో కారు డిక్కీలో బంగాళాదుంపల బస్తా వేసుకుని క్రొయేషియా పోయే ప్రతి మగాడూ వచ్చి వరుసలో నిలబడాలి. మీ అందరి సుఖానికీ పద్దెనిమిదేళ్ళుగా శిక్ష అనుభవిస్తున్నది ఒక్క మనిషి. రాడిమ్ పెళ్ళాం, బ్లాంకా.

బ్లాంకాది బడి భోజనశాలలో వంట పని. ఏడాది పొడుగునా ఊరి పిల్లలందరికీ సూపు కలిపి కలిపి కుడి భుజం ఎడమ భుజం కంటే లావైంది. జూన్ ఆఖరుకి బడి మూస్తారు. ఆమె చేతులు మాత్రం మూయరు. మర్నాడే పంది మాంసం ముక్కలు సుత్తితో సాగగొట్టి, రొట్టెపొడి పట్టించి, దారి పొడుగునా తినడానికి గంపెడు రీజెక్‌లు వేయించాలి. ఆస్ట్రియాలో కారు ఆపి కొనుక్కు తింటే చెక్ జాతి పరువేం కావాలి? సముద్రం చేరాక అద్దె ఇంట్లో మళ్ళీ పొయ్యి. పద్దెనిమిదేళ్ళుగా బ్లాంకా సముద్రాన్ని చూసింది వంటింటి కిటికీలోంచే. అదీ అద్దానికి ఆవిరి పట్టనప్పుడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున, బయట మంచూ వానా కలిసి కురుస్తుండగా, ఈసారి సముద్రాన్ని తానే ఎంచుకోవాలని ఆమె నిశ్చయించుకుంది. షరతు ఒక్కటే. తను కూర్చోవాలి, వేరెవరో పళ్ళెం తెచ్చి ముందు పెట్టాలి. ఆ మాట పైకి చెప్పేయొచ్చు కదా అంటారా? చెప్పి చూసింది. రెండేళ్ళ కిందట "ఈసారి నేను వండను రాడిమ్" అంటే అతను ప్రేమగా ఆమె భుజం తట్టి, "అవునే, నువ్వు కూడా కాస్త రెస్టు తీసుకోవాలి. ఏదో రెండు రొట్టెల మధ్య మాంసం పెట్టి ఇచ్చెయ్, సర్దుకుంటాం" అన్నాడు. అందుకే ఈసారి దొంగదారి పట్టింది.

"బల్గేరియా పోదామా?" అంది, రాడిమ్ ముందు కాఫీ పెడుతూ.

మతం మార్చుకుందామా అని అడిగినట్టు చూశాడతను. "మన సముద్రాన్ని వదిలేసా?"

దేశానికి చుట్టూ నేలే. అయినా క్రొయేషియా నీళ్ళు అతనికి 'మన సముద్రం'.

శనివారం భోజనానికి ముందుగానే దిగిపోయిన అత్తగారు బొజెనా అందుకుంది. "బల్గేరియానా? నా పెళ్ళైన ఏడు రైల్లో వెళ్ళాం. మీ మామగారికి కడుపు జారింది. వారం రోజులూ ఆయన చూసిన నీళ్ళు చెంబులోవే."

"పోనీ గ్రీస్?"

"విమానం ఎక్కాలి," అన్నాడు రాడిమ్. "సామాను తూకం వేస్తారు. మరి బంగాళాదుంపలు?"

"గ్రీస్‌లో దొరకవా?"

"దొరుకుతాయి. మనవి కావుగా!"

"స్పెయిన్ అయితే?"

"అక్కడ రాత్రి పదింటికి అన్నాలు తింటారట," అంది బొజెనా. "ఆ వేళప్పుడు తినేది దొంగలూ, తాగుబోతులూను."

"ఇటలీ?"

రాడిమ్ కప్పు బల్ల మీద ఠకీమని పెట్టాడు. "ఇసకలో గొడుగు కింద కూర్చుంటే డబ్బులడుగుతారు వాళ్ళు. నీడకి డబ్బులిచ్చే మొహంలా ఉందా నాది?"

పదిహేనేళ్ళ కూతురు అనేష్కా ఫోన్లోంచి తలెత్తకుండానే, "అమ్మ ఎక్కడికి పోవాలనుకుంటోందో అడగొచ్చుగా" అంది. ఆ మాట ఎవరూ విన్నట్టు లేదు. తాను రానే రానని చెప్పిన బొజెనా భోజనం అయ్యేలోపు యూరప్ తీరమంతా కొట్టిపారేసింది. మిగిలింది క్రొయేషియా.

సరే, అదే సముద్రం కానీ. పొయ్యి లేని గది దొరికితే చచ్చినట్టు బయటే తినాలి కదా! బ్లాంకా నడవలోకి పోయి, ఏటా దిగే ఇంటి యజమానురాలు నెవెంకాకి ఫోన్ చేసింది.

"నెవెంకా గారూ, మేడ మీద చివరి గది ఉంది చూడండి, అందులో పొయ్యి ఉందా?"

"ఉందమ్మా! చిన్నదే అనుకో. రెండు మంటలది."

బ్లాంకా గుండెలోతుల్లోంచి ఒక నిట్టూర్పు విడిచింది. గుమ్మం దగ్గర బూట్లు తుడుచుకుంటున్న రాడిమ్ ఫోన్లోంచి వచ్చిన మాటా, ఆ నిట్టూర్పూ రెండూ విన్నాడు. కాపురం మొదలైన ఇన్నేళ్ళకి భార్య మనసులో మాట వినడం అదే మొదటిసారి. విన్నవాడు సరిగ్గా వినొద్దూ? పాపం, పొయ్యి చిన్నదైందని బెంగ పెట్టుకుంది అనుకున్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

ఏప్రిల్లో వాళ్ళ పెళ్ళిరోజు వచ్చింది. రాడిమ్ పెద్ద కాగితపు పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టాడు. బల్ల కిర్రుమంది. ఈత దుస్తులేమో అనుకుంది బ్లాంకా. ఈత దుస్తులు అంత బరువుండవు. విప్పితే ఇనప పెనం. బండి చక్రమంత ఉంది.

"నీ నిట్టూర్పు విన్నానే బ్లాంకా!" అన్నాడు రాడిమ్, పెనం మీద ప్రేమగా చెయ్యి వేసి. "ఆ గది మార్పించేశా. కింది వాటా మొత్తం తీసుకున్నా. నాలుగు మంటల పొయ్యి, ఓవెను, నువ్వు నిలబడ్డానికి ఇంత చోటు! అంత ఇల్లు మనకెందుకని హైనెక్ వాళ్ళని కూడా రమ్మన్నా."

హైనెక్ అతని తమ్ముడు. అతనితో బాటు భార్య ఇవానా, నిమిషానికోసారి ఆకలేసే మగపిల్లలిద్దరు. పెద్ద ఇల్లనగానే బొజెనా మనసు కూడా మారింది. "నాకు సముద్రం పడదు. అయినా బ్లాంకా చేతి వంట ఉంటుందిగా, సర్దుకుంటాను."

"ఇంతమందికి నేనొక్కదాన్నే..." అని బ్లాంకా నోరు విప్పింది.

"ఊరందరి పిల్లలకీ వండేదానివి, మేమెంత నీకు?" అని హైనెక్ ఫోన్లో పకపకా నవ్వాడు. "వదినా, మావాళ్ళకి ఉల్లిపాయ కనపడకూడదు, చూసుకో. ఇవానాకి పిండి వస్తువులు పడవు."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. బ్లాంకా ఆఖరి ప్రయత్నం చేసింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నెవెంకాకి మళ్ళీ ఫోన్ చేసి, "పొయ్యి మాకు వద్దండీ. తీసేయండి. తాళం వేసేయండి. మీ ఇష్టం" అంది.

చెక్ దేశపు ఆడది పొయ్యి వద్దనడం నెవెంకా ఎన్నడూ వినలేదు. మాటల్లో ఏదో దెప్పు ఉందనుకుంది. పోయినేడు ఓవెన్ తలుపు సరిగ్గా మూసుకోలేదు, ఆ కోపం కాబోలు! సిగ్గుతో చచ్చిపోయి వారం తిరక్కుండా ఫోన్ చేసింది. "అమ్మా బ్లాంకా, నన్ను మన్నించు. కొత్త పొయ్యి పెట్టించాను, ఆరు మంటలది. మాంసం దాచుకోవడానికి పెద్ద ఐసు పెట్టె కూడా కొన్నాను. ఒక్క కోరిక తల్లీ. ఒంటరిదాన్ని, నీ రీజెక్‌ల వాసన ఏటా మేడ మెట్ల దాకా వస్తుంది. ఈసారి నేనూ మీతోనే తింటాను."

బ్లాంకా ఫోన్ పెట్టేసింది. ఏడవాలంటే కూడా ఓపిక ఉండాలి. వంటింట్లోకి పోయి బంగాళాదుంపలు చెక్కు తీసింది.

జూలైలో బయల్దేరే పొద్దు వచ్చింది. ముందురోజంతా వేయించిన రీజెక్‌లు గంపలో చల్లారి ఉన్నాయి. బ్లాంకా జుట్టు నుంచి నూనె వాసన వస్తోంది. ఇంటి ముందు కారు నేలకి ఆనుకుపోయి ఉంది. డిక్కీలో దుంపలు, పిండి, గ్యులాష్ మాంసం కూర డబ్బాలు, కాళ్ళ దగ్గర పెనం. ముందు సీట్లో బొజెనా, ఒళ్ళో పంది కొవ్వు జాడీ. వెనక ఒక పక్క అనేష్కా, మిగతా సీటంతా ఆక్రమించి బొజెనా దిండు, దాని మీద మాంసం పెట్టె, దాని మీద రీజెక్‌ల గంప. హైనెక్ కారు నిండి అప్పటికే వీధి మలుపు తిరిగిపోయింది.

బ్లాంకా ఇంటికి తాళం వేసి వచ్చి కారు తలుపు తీసింది. కూర్చోడానికి చోటు లేదు.

రాడిమ్ కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "దుంపలు తీసేద్దామా?"

"అక్కడ కిలో ఎంత చెబుతారో తెలుసా నీకు!" అంది బొజెనా.

"పోనీ డబ్బాలు?"

"దారిలో కారు చెడితే రాళ్ళు తింటామా?"

"మరి దిండు?"

"నా మెడ విరిగితే నీకు సంతోషమేట్రా?"

రాడిమ్ పెనం వైపు చూసి, తలూపి, "ఛ, అది బ్లాంకాది. తీసేస్తే మనసు కష్టపెట్టుకుంటుంది" అన్నాడు. తియ్యడానికి వీల్లేనివన్నీ లెక్కలోకి వచ్చాయి. వంట సామానంతా బండెక్కింది, వంటమనిషి నేల మీద నిలబడింది.

"మీరు పదండి," అంది బ్లాంకా. గొంతులో కోపం కూడా లేదు. "నేను బస్సులో వస్తాలే."

"నిజంగానా?" రాడిమ్ మొహం విప్పారింది. "నువ్వు బంగారానివే! పొద్దుపోకుండా వచ్చెయ్. మాంసం ఎక్కువసేపు ఆగదు."

అనేష్కా కిటికీ అద్దం దించి, "బస్సు దొరక్కపోతే అమ్మా?" అంది.

"దొరక్కపోతే ఏముంది, దొరకదు."

కూతురు తల్లిని ఒక్క క్షణం చూసి, మెల్లిగా అద్దం ఎత్తేసింది. కారు మూలుగుతూ కదిలింది.

బస్టాండుకి వెళ్ళేటప్పుడు బ్లాంకా మనసులో ఏ దురుద్దేశమూ లేదు. ఇది అందరూ గుర్తుంచుకోవాలి. టికెట్ల కిటికీ దగ్గర కూర్చున్న నడివయసు మనిషిని క్రొయేషియా బస్సుకే అడిగింది.

"నిండిపోయిందమ్మా. వచ్చే శనివారం దాకా లేదు." అతను తెర మీద ఏదో వెతికాడు. "ఇటలీ బస్సులో ఒక్క సీటుంది. ఎవరో మానుకున్నారు. హోటల్ గది, పొద్దునా సాయంత్రం భోజనం వాళ్ళదే. కానీ..."

"కానీ?"

"ముందే చెప్పడం మంచిది. మనవాళ్ళందరూ అడుగుతారు." అతను తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. "గదిలో పొయ్యి ఉండదమ్మా. ఏమనుకోకండి."

బ్లాంకా కిటికీ చెక్కని రెండు చేతులతో పట్టుకుంది. "ఏమన్నారు?"

"పొయ్యి ఉండదు."

"ఇంకోసారి చెప్పండి."

"కెటిల్ కూడా ఉండదమ్మా," అన్నాడతను బిక్కమొహంతో. "కావాలంటే వేరే..."

"ఇచ్చెయ్యండి టికెట్!"

అలా మర్నాడు సాయంత్రం బ్లాంకా ఇటలీలో, డబ్బులిచ్చి తీసుకున్న గొడుగు నీడలోంచి లేచి, కాళ్ళకంటిన ఇసక దులుపుకుని, హోటల్ బల్ల ముందు కూర్చుంది. నల్ల కోటు కుర్రాడొకడు వంగి పళ్ళెం పెట్టాడు. చూస్తే రొట్టెపొడి పట్టించి వేయించిన మాంసం ముక్క. వాళ్ళు దానికేదో ఇటలీ పేరు పెట్టుకున్నారు. అచ్చం రీజెకే. ముక్క సరిగ్గా సాగలేదు, ఉప్పు తగ్గింది, ఒక అంచు మాడింది. బ్లాంకా మెల్లగా, మొత్తం తినేసింది. దాన్ని వేయించింది తను కాదు. ఆ రుచి ముందు ఉప్పెంత!

అంతలో ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావే? చచ్చిపోతున్నాం ఇక్కడ!" రాడిమ్ గొంతు వెనక పిల్లల ఏడుపు, బొజెనా కేకలు. "బస్సింకా రాలేదా? సముద్రం దగ్గరికే రాలేదా నువ్వు?"

"వచ్చాను. సముద్రం ఎదురుగానే ఉంది."

"ఎక్కడ? కిటికీలోంచి చూస్తున్నా, కనపడవేం?"

"నువ్వు చూస్తున్న సముద్రమే రాడిమ్. అవతలి ఒడ్డున ఉన్నా."

 దానికి అతను వేసిన ప్రశ్న చూడండి. ఎందుకెళ్ళావనీ కాదు, ఎలా ఉన్నావనీ కాదు. "రీజెక్‌లు అయిపోయాయే. నెవెంకా కంచం పట్టుకుని కూర్చుంది. ఆరు మంటల పొయ్యి ఎలా వెలిగించాలో చెప్పు!"

బ్లాంకా ఫోన్ కట్టేసి పళ్ళు తెమ్మంది. కాబట్టి ఇక్కడ చెప్పాల్సింది ఆమె కాదు, మనం. రాడిమ్, చొక్కా చేతులు మడువు. హైనెక్, నవ్వింది చాలు, ఉల్లిపాయ తరుగు, మీవాళ్ళకి కనపడకుండా తరుగు. బొజెనమ్మా, ఆ దిండు పక్కన పడేసి దుంపలు చెక్కు తీయి, మనవే కదా! వచ్చే ఏడు ఏ దేశం, ఏ తీరం అన్న మాట ఎత్తేముందు పొయ్యి ముందు ఎవరు నిలబడతారో తేలాలి. తేలేదాకా ఓపావా నుంచి ఒక్క కారు కదలకూడదు.

ఇక ఆ పెనం సంగతంటారా, కొన్నవాడే తోమాలి.