చూడని ఆటకు సన్మానం

ఆట చూడనివాడే అసలైన అభిమాని! ఈ మాట ఏదో నోటి దురదకొద్దీ అనడం లేదు. పదకొండేళ్ళ అనుభవంతో అంటున్నాను.

మా అమ్మాయి వర్షిత ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్. పద్దెనిమిదో ఏట మొదటి కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టింది. ఇంగ్లండ్‌లో రెండు క్లబ్బులకు ఆడి, చివరి మూడేళ్ళూ ఇక్కడే కార్డిఫ్‌లో, మా ఇంటికి పావుగంట దూరంలో ఉన్న క్లబ్బుకు ఆడింది. ఈ పదకొండేళ్ళలో నేను చూసిన మ్యాచ్‌లు అక్షరాలా సున్నా. మా తెలుగు సమాజంలో నా స్నేహితులు చూసినవీ అంతే. అధ్యక్షుడి దగ్గర నుంచి కుర్చీలు సర్దేవాళ్ళ దాకా ఆ సున్నా దగ్గర ఒక్కరు కూడా చెదరలేదు. ఇంతటి ఐకమత్యం మనవాళ్ళలో ఇంకే విషయంలోనైనా చూశారా?

చూడకపోవడం వల్ల లాభాలు తెలియక జనం టికెట్లు కొనుక్కుని వానలో తడుస్తున్నారు, పాపం. మొదటి లాభం, దిష్టి తగలదు. పదకొండేళ్ళలో మా అమ్మాయి మీద మనవాళ్ళ కన్ను ఒక్కటంటే ఒక్కటి పడలేదు. మధ్యలో రెండుసార్లు మోకాలికి ఆపరేషన్ జరిగిన మాట నిజమే. అది కచ్చితంగా పరాయివాళ్ళ దిష్టే!

రెండో లాభం, సలహాలు స్వచ్ఛంగా ఉంటాయి. ఆట చూసినవాడు సలహా ఇచ్చే ముందు కాస్త తటపటాయిస్తాడు. చూడనివాడికి ఆ ఇబ్బంది లేదు. "మధ్యలో నిలబడితే ఏం లాభం అమ్మా, కాస్త ముందుకెళ్ళి నిలబడు, గోల్స్ పడతాయి" అని మా రామమోహనరావు గారు దానికి పద్దెనిమిదో ఏట చెప్పారు, ఇరవై తొమ్మిదో ఏటా చెప్పారు. ఆయన మా సమాజం అధ్యక్షులు. మాట మీద నిలబడే మనిషి. "ఆటలో వర్క్ ఫ్రమ్ హోమ్ ఇస్తారా?" అని ఒక ఆంటీ అడిగింది. "ఆటలు సరే, ఉద్యోగం ఎప్పుడు చూసుకుంటావు?" అని మరో అంకుల్ అడిగాడు. అప్పటికి అది జీతం తీసుకుంటూ ఆరేళ్ళయింది. మనం ఇంతమందిమి ఇన్ని అడ్డంకులు పెట్టాం కాబట్టే కదా, అది మైదానంలో నలుగురు చుట్టుముట్టినా బంతి వదలకుండా బయటపడడం నేర్చుకుంది? ఆ క్రెడిట్ ఏ కోచ్‌కి ఇచ్చారో నాకు తెలియదు. మాకు మాత్రం ఇవ్వలేదు.

ఈ విషయంలో నా భార్య రత్నకుమారి సమాజ ద్రోహి. అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పటి నుంచి వానైనా మంచైనా కారులో ట్రైనింగుకు దింపి, ఫ్లాస్కులో టీ పెట్టుకుని గట్టు మీద కూర్చునేది. అమ్మాయి కార్డిఫ్ క్లబ్బుకు మారాక, ఇక్కడ ఆట ఉన్న ప్రతి ఆదివారమూ మ్యాచ్‌కే. తిరిగొచ్చి నాకు అర్థమయ్యేలా చెప్పబోయేది.

"వెనకవాళ్ళ దగ్గర బంతి తీసుకుని ముందువాళ్ళకి అందిస్తుందండీ. అవతలివాళ్ళు తెస్తుంటే అడ్డం పడి లాక్కుంటుంది. పెళ్ళి పంక్తిలో సాంబారు బకెట్ పట్టుకుని తిరిగేవాడు ఉంటాడు చూడండి, వాడు లేకపోతే భోజనం నడవదు కదా?"

"మరి గోల్ ఎవరు కొడతారు?" అని అడిగేవాణ్ణి.

"ఇంకెవరో కొడతారు."

అయితే ఇంక చూసేదేముంది? సాంబారు వడ్డించేవాణ్ణి చూడడానికి పెళ్ళికి వెళ్ళేవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

సరే, ఈ ఏప్రిల్‌లో మోకాళ్ళు ఇంక మాట వినడం లేదని, ఈ సీజన్‌తో ఆపేస్తున్నానని వర్షిత చెప్పింది. ఆ వార్త వినగానే మా సమాజంలో ఒక్కసారిగా క్రీడాభిమానం పొంగింది. "మన బిడ్డ! ప్రొఫెషనల్! సన్మానం చెయ్యకపోతే మనం తెలుగువాళ్ళమేనా?" అని రామమోహనరావు గారు కమిటీ మీటింగులో బల్ల గుద్దారు. ఆడుతున్నన్నాళ్ళూ లేని తొందర ఆపేశాక ఎందుకంటారా? అదే మన సంప్రదాయంలోని గొప్పతనం. ఆడుతున్న మనిషికి శాలువా కప్పితే అది పరిగెత్తేటప్పుడు అడ్డం పడదూ?

సన్మాన పత్రం రాసే పని నా మీద పడింది. "కన్నతండ్రివి, నీకు తెలియని విషయాలు ఏముంటాయి?" అన్నారు. నిజమే కదా! 'తెలుగు తేజం', 'మైదాన మహారాణి' అని నాలుగు పంక్తులు రాసేసరికి నాకు తెలిసిన విషయాలు అయిపోయాయి. అమ్మాయికి ఫోన్ చేశాను.

"అమ్మా, మొత్తం ఎన్ని గోల్స్ కొట్టావు?"

"ఫోర్, నాన్నా."

"ఈ సంవత్సరమా?"

"నో, నాన్నా. టోటల్."

రామమోహనరావు గారికి చెబితే ఆయన అస్సలు కంగారు పడలేదు. "నాలుగు పక్కన ఓ సున్నా పెట్టండి ప్రసాద్ గారూ, ఎవరు చూడొచ్చారు?" అన్నారు. ఎంత మాట! ఎవరూ చూడకపోవడం వల్ల లాభం మూడోది కూడా దొరికిందా లేదా?

ముహూర్తం మాత్రం నేనే పెట్టాను. ఆషామాషీగా కాదు. కౌన్సిల్ వాళ్ళ హాలు ఏ రోజు ఖాళీగా ఉందో చూశాను. ఆదివారం నాలుగున్నరకు రాహుకాలం వస్తుంది కాబట్టి రెండింటికి మొదలుపెట్టి ఆలోపు ముగించాలనుకున్నాను. అన్నిటికీ మించి, ఆ రోజు ఇండియా క్రికెట్ మ్యాచ్ లేకుండా చూసుకున్నాను. ఫుట్‌బాల్ క్రీడాకారిణికి సన్మానం, క్రికెట్ అడ్డొస్తే ఏం బావుంటుంది? మే నెల మొదటి ఆదివారం కుదిరింది.

ఆ సంగతి వర్షితకు ఫోన్ చేసి చెప్పాను.

"నాన్నా, ఆ రోజు టూ ఓ క్లాక్‌కి నాకు మ్యాచ్."

"ఒక్కరోజు సెలవు పెట్టమ్మా. మీ మేనేజర్‌ని అడుగు."

"ఇట్స్ మై లాస్ట్ గేమ్, నాన్నా."

"మరి ఇంకేం? ఎలాగూ మానేస్తున్న ఉద్యోగమేగా!"

ఇంతకంటే సబబైన మాట ఏ తండ్రైనా అనగలడా? అది "ఓకే నాన్నా" అని ఫోన్ పెట్టేసింది. ఓకే అంటే వస్తుందనే అనుకున్నాను. ఇక్కడ పుట్టిన పిల్లల ఓకేలు మనకు అర్థం కావు.

సన్మానం రోజు హాలు కళకళలాడింది. నూట నలభై మంది. మా వర్షిత మ్యాచ్‌లకు పదకొండేళ్ళలో వెళ్ళిన తెలుగువాళ్ళను లెక్కపెడితే వేలు ఒక్కటి చాలు, అదీ రత్నకుమారి వేలే! వేదిక మీద పెద్ద ఫ్లెక్సీ. నిక్కరుతో ఉన్న ఫొటో అయితే బావుండదని, మా బావమరిది పెళ్ళిలో పట్టుచీరతో తీసిన ఫొటో వేసి, పాదాల దగ్గర కంప్యూటర్‌లో ఒక బంతి పెట్టించారు. చీర కుచ్చిళ్ళ మధ్య ఆ బంతి ఎలా ఇరుక్కుందా అని ఒక పసిపిల్ల చాలాసేపు చూసింది.

రెండున్నరైంది. మూడు కావస్తోంది. అమ్మాయి జాడ లేదు. రామమోహనరావు గారు చెమటలు తుడుచుకుంటూ నా దగ్గరకొచ్చారు.

"ప్రసాద్ గారూ, అమ్మాయి రాలేదు, సరే. పులిహోర ఏదండీ?"

అప్పుడు గుర్తొచ్చింది. అందరికీ సరిపడా పులిహోర కలిపి తెచ్చే బాధ్యత రత్నకుమారిది. ఆమె కూడా లేదు!

అయినా కార్యక్రమం ఆగలేదు. మనవాళ్ళ దగ్గర ఉన్న విద్య అదే. "కన్నతండ్రికి కప్పితే బిడ్డకు కప్పినట్టే" అని శాలువా నాకే కప్పారు. నలభై గోల్స్ అని చదవగానే హాలు దద్దరిల్లింది. నేను వినయంగా తల వంచాను. ఫొటోలు దిగాం. ఆ తర్వాత మెల్లగా పక్కకు వెళ్ళి భార్యకు ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావ్?"

"గ్రౌండ్‌లో."

"పులిహోర?"

"కారు డిక్కీలో ఉంది. కావాలంటే వచ్చి పట్టుకెళ్ళండి. నేను మాత్రం ఇక్కణ్ణించి కదలను" అని పెట్టేసింది. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆమె నాతో అలా మాట్లాడడం అదే మొదటిసారి.

శాలువా తియ్యడం కూడా మర్చిపోయి కారెక్కాను. గ్రౌండ్ గేటు దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. నేను వర్షిత తండ్రినని, రత్న భర్తనని చెప్పుకున్నాను. ఆయన నన్ను, నా శాలువాను ఎగాదిగా చూశాడు.

"రత్నాస్ హజ్బెండ్? ఓ, వీ ఆల్వేస్ థాట్ షీ వాజ్ ఎ విడో!"

మూడేళ్ళుగా ఆ గ్రౌండ్ వాళ్ళందరి లెక్కలో నేను చచ్చిపోయి ఉన్నానన్నమాట. టికెట్ అడగకుండా లోపలికి పంపాడు, పాపం.

రత్నకుమారి రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, జరిగి చోటిచ్చింది. ఎనభయ్యో నిమిషం అని చెప్పింది. ఆరో నంబర్ చొక్కా వేసుకుని, మోకాళ్ళకు పట్టీలతో, మొహమంతా బురదతో మా అమ్మాయి అవతలివాళ్ళ కాళ్ళ మీదికి జారి బంతి లాక్కుంది. లేచింది. తలెత్తి చూసి, నాకు కనబడని ఖాళీలోకి బంతి పంపింది. అక్కణ్ణించి ఇంకో అమ్మాయి, అక్కణ్ణించి మరో అమ్మాయి. గోల్! అందరూ గోల్ కొట్టిన పిల్ల మీద పడ్డారు. వర్షిత మేజోళ్ళు పైకి లాక్కుని, ఎవరూ రాకముందే తన చోటికి వెళ్ళి నిలబడింది.

"అదిగో, అదే దాని పని" అంది రత్నకుమారి.

ఇంకో ఆరు నిమిషాలకు దాని బదులు వేరే అమ్మాయిని దింపి, దాన్ని బయటికి పిలిచారు. గ్రౌండంతా లేచి నిలబడింది. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, చిన్నపిల్లలు, ముసలమ్మలు, మా అమ్మాయి పేరు పట్టుకుని పాడారు. అది కళ్ళు తుడుచుకుంటూ రెయిలింగ్ పక్కగా వస్తూ నన్ను చూసి ఆగిపోయింది.

"నాన్నా? యూ కేమ్?"

ఆ మొహం నేను ఎప్పుడూ చూడలేదు. నా భుజం మీద శాలువా ఉంది. తీసి దాని భుజాన వేస్తే చాలు, ఎవరి ప్రసంగమూ అక్కర్లేదు. కానీ నా నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"పులిహోర కోసం వచ్చానమ్మా."

అది ఒక్క క్షణం చూసింది. "ఇట్స్ ఇన్ అమ్మాస్ కార్, నాన్నా" అని చెప్పి, వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

పులిహోర రాహుకాలానికి ముందే హాలు చేరింది. అందరూ తిని, ఉప్పు కాస్త తగ్గిందన్నారు. నలభై గోల్స్ సన్మాన పత్రం మా ముందు గదిలో వేలాడుతోంది.

అందుకే మళ్ళీ చెబుతున్నాను, మీవాళ్ళ ఆట చూడ్డానికి పొరపాటున కూడా వెళ్ళకండి. అసలు చూడకపోతే హాయిగా ఉంటుంది. నాలాగా ఎనిమిది నిమిషాలు చూశారో, చూడని పదకొండేళ్ళూ వచ్చి మీద కూర్చుంటాయి.

మా ఫ్రిజ్ తలుపు మీద ఈ సీజన్ మ్యాచ్‌ల కాగితం ఇంకా ఉంది. వర్షిత అయస్కాంతం పెట్టి అంటించింది. నిన్న మొదటిసారి చదివాను. అన్నీ ఆదివారాలే, అన్నీ మధ్యాహ్నం రెండింటికే. చివరి మ్యాచ్ పక్కన 'నాన్నా, దిస్ వన్?' అని పెన్నుతో రాసి, బాణం గుర్తు పెట్టింది.

ఇప్పుడు నాకు ఆదివారాలు పూర్తిగా ఖాళీ. మీలో ఎవరి పిల్లలైనా ఎక్కడైనా ఆడుతుంటే చెప్పండి, వస్తాను. పులిహోర నేనే తెచ్చుకుంటాను.