వంగని మోకాలి వైభోగం

అయ్యలారా, అమ్మలారా! మోకాలు వంగకపోవడమంత భాగ్యం ఇంకోటి లేదు. నమ్మరా? చంద్రగిరి పక్కన చెనిక్కాయలు పండించే మునిరామయ్యను సూసినాక మాట్లాడండి.

పుత్తూరు సంతకు పోయి వస్తా బండిమీద నుంచి పడినాడు పాపం. మోకాలిచిప్ప పగిలింది. పుత్తూరులో కట్టు కట్టేవాళ్లు చూసి, ఇది కోసి కలపాల్సిందే, పెద్దాస్పత్రికి పొమ్మన్నారు. యుద్ధం రోజులు, మందులకే కరువు. అయినా డాక్టరు ఆపరేషన్ చేసి, చిప్పను తీగతో కుట్టి, పిండికట్టు వేసినాడు. కట్టు విప్పినాక గట్టిగా చెప్పినాడు: దినామూ కాలు వంచాల, నొప్పి పుట్టినా వంచాల, లేదంటే జన్మంతా కట్టెమాదిరి ఉండిపోతాదని.

వంచితే గదా! వంచనందుకు ఎన్ని సుఖాలో సూడండి. కయ్యలోకి దిగి బురద తొక్కే పనిలేదు. పెండ్లి బంతిలో అందరూ నేలమీద కూర్చుంటే ఆయనకు కుర్చీ. ఆయన పెండ్లాము నాగులమ్మ కపిల తోలి బావినీళ్లు పారించి, చెనిక్కాయలు పెరికి, వంట చేసి, నువ్వులనూనె కాచి ఆ మోకాలికి మర్దన చేస్తాది. ఆమె చేయి తగలకముందే ఆయన అబ్బా అంటాడు.

సోమరితనమనుకునేరు! భయం. ఆపరేషన్ దినం నాగులమ్మ తిరుమల కొండ పక్కకు తిరిగి మొక్కిందంట. కాలు వంగితే కొండదారిలో మోకాళ్ల పర్వతం మెట్లు మోకాళ్లమీదనే ఎక్కే మొక్కు. ఆ సంగతి ఆయన అక్క చెప్తే విన్నాడు. ఇంతకుముందు బిడ్డకు జ్వరమొస్తే ఆమె మొక్కింది, గుండు గీయించుకున్నది ఎవురు? ఆయనే. వానకు మొక్కితే ఒక్కపొద్దున్నది ఎవురు? ఆయనే. ఇదీ ఆయన నెత్తినే గదా? తీగతో కుట్టిన చిప్పను ఆ రాతిమెట్లమీద ఆనించడం తలుచుకుంటేనే కాలు బిగుసుకుపోయేది.

డాక్టరు మళ్లా చూసి, ఈ నెల దాటితే ఇంక నా చేతిలో లేదన్నాడు. ఇంటికొచ్చి నాగులమ్మ మంచం పక్కన కూలబడి ఏడ్సింది. మునిరామయ్యకు గుండె కరిగి నిజం బయటపడింది.

"నావల్ల గాదే. ఈ మోకాలితో ఆ మెట్లు నేనెక్కలేను."

ఆమె కండ్లు తుడుచుకుని ఆయన పక్క వింతగా చూసింది.

"నిన్నెవురు ఎక్కమన్నారు? ఎక్కేది నేను."

ఆ మాటకు ఆయన వద్దన్నాడనుకున్నారా? ఆమె చేతులు పట్టుకున్నాడనుకున్నారా? మర్దన మహిమ సూడండి, ఆ వారం తిరక్కముందే మోకాలు వంగింది! డాక్టరు మెచ్చుకున్నాడు కూడా.

కార్తీకంలో ఇద్దరూ కొండకు పోయినారు. నాగులమ్మ మోకాళ్లమీద ఒక్కో మెట్టూ ఎక్కతా ఉండాది. చీర చినిగి నెత్తురు కనబడతా ఉండాది. మునిరామయ్య పైన నీడలో, రెండు కాళ్లూ నిండుగా మడిచి గొంతుక్కూర్చుని, ధైర్యం చెప్పినాడు.

"నిదానంగా రావే, తొందరేం లేదు. వంట పైకొచ్చినాకనే చేద్దువుగాని."

మోకాలు బాగుపడాలంటే ఆపరేషన్ కావాల, మర్దన కావాల అంటారు. అదంతా ఉత్తమాట. పెండ్లాముకు రెండు మోకాళ్లుంటే సాలు.